విడాకుల కేసు గెలిస్తే బిడ్డ మనకేనా? కొన్ని అపోహలు - వాస్తవాలు

తిరుపతిలో ఫ్యామిలీ కోర్టు కేసులు చూసే లాయర్ని. శ్రీకాళహస్తి నుంచి వచ్చినా పుత్తూరు నుంచి వచ్చినా చాలామంది ముందు అడిగేది ఒకటే, "కేసు గెలిస్తే బిడ్డ మాకే కదా మేడం?" అని. విడాకులు వేరు, కస్టడీ వేరు. విడాకుల్లో తప్పు ఎవరిదో తేలుస్తారు, కస్టడీలో బిడ్డ ఎక్కడ బాగుంటుందో చూస్తారు. ఈ తేడా తెలియకే సగం టెన్షన్.

అపోహ: ఐదేళ్ళ వరకు తల్లికి, ఆ తర్వాత తండ్రికి.

ఐదేళ్ళు నిండని బిడ్డ మామూలుగా తల్లి దగ్గరే ఉండాలని 1956 నాటి హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం చెబుతుంది, నిజమే. కానీ ఐదో పుట్టినరోజు దాటగానే తండ్రి స్కూలు గేటు దగ్గర నుంచి బిడ్డను బండెక్కించుకుని పోవచ్చని ఎక్కడా లేదు. అదే చట్టంలో 13వ సెక్షన్ చదవండి, అన్నిటికంటే ముందు చూడాల్సింది బిడ్డ క్షేమం. తండ్రికి జీతం ఎక్కువ, సొంతిల్లు ఉంది అంటారా, అయితే భరణం కట్టమంటారు. అంతేగాని డబ్బున్నవాళ్ళకే బిడ్డ అని కాదు.

అపోహ: జడ్జిగారి ముందు బిడ్డ ఎవరి పేరు చెబితే వాళ్ళకే ఇస్తారు.

దీనివల్ల పిల్లలకు జరిగే అన్యాయం చూడలేం. ఊహ తెలిసిన బిడ్డ ఇష్టాన్ని కోర్టు లెక్కలోకి తీసుకోవచ్చు, దానికి కట్టుబడాలని లేదు. ఛాంబర్‌లో జడ్జిగారు అడిగేవి చిన్న చిన్న ప్రశ్నలే: పొద్దున జడ ఎవరు వేస్తారు, స్కూలు ఆటో ఎన్నింటికి వస్తుంది, జ్వరమొస్తే పక్కన ఎవరు పడుకుంటారు. ఇంట్లో నేర్పించి పంపిన పిల్ల వాటికి జవాబు చెప్పదు, అడగకముందే "నాన్న కొడతాడు, నేను పోను" అని ఒక్క గుక్కలో అప్పజెప్పేసి గుమ్మం వైపు చూస్తుంది. నిజంగానే కొట్టి ఉంటే ఆస్పత్రి కాగితాలు తెండి, టీచర్‌తో సాక్ష్యం చెప్పించండి. ఆ భారం బిడ్డ నోట పెట్టకండి.

అపోహ: కొండ మీద పెళ్ళయింది కాబట్టి అన్ని కేసులూ తిరుపతిలోనే వేసుకోవచ్చు.

సగం నిజం. పెళ్ళి జరిగిన చోట విడాకుల కేసు వేయొచ్చు, అందుకే ఎక్కడెక్కడో కాపురం చేసినవాళ్ళు కూడా ఇక్కడికి వస్తారు. ఆ కేసు నడుస్తుండగా అందులోనే హిందూ వివాహ చట్టం 26వ సెక్షన్ కింద పిల్లల కోసం పిటిషన్ పెట్టుకోవచ్చు. కానీ గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద విడిగా కస్టడీ కేసు వేయాలంటే మాత్రం బిడ్డ మామూలుగా ఉండే ఊరి కోర్టుకే పోవాలి.

పెద్దమనుషుల ముందు బాండు పేపర్ మీద రాసుకుంటే విడాకులు అయిపోయినట్టు కాదు. ఆచారం ప్రకారం ఇచ్చుకునే విడాకులను చట్టం కొట్టేయలేదు గానీ, మీ కులంలో ఆ ఆచారం ఉందని కోర్టులో రుజువు చేయాలి, అది అంత తేలిక కాదు. ఆ కాగితాన్ని నమ్ముకుని రెండో పెళ్ళి చేసుకుంటే కేసుల్లో ఇరుక్కుంటారు.

భరణం కట్టలేదని బిడ్డను చూపించకపోవడం, బిడ్డను చూపించలేదని భరణం ఆపేయడం, రెండూ తప్పే. దేనికదే ప్రత్యేకం, దేనికి దానికి విడిగా పిటిషన్ వేయండి.

అపోహ: ఇక్కడ ఓడిపోతే హైకోర్టులో మళ్ళీ మొదటి నుంచి కేసు నడుస్తుంది.

నడవదు. ఫ్యామిలీ కోర్టు తీర్పు మీద అప్పీలును అమరావతిలోని హైకోర్టులో ఇద్దరు జడ్జీల బెంచ్ వింటుంది, మామూలుగా ఇక్కడి రికార్డునే చూస్తుంది. కాబట్టి కింది కోర్టులో పెట్టని ఫోటోలు, మెసేజ్‌లు అక్కడ చూపిస్తామంటే కుదరడం కష్టం. అప్పీలు వేసినంత మాత్రాన కస్టడీ ఆర్డర్ ఆగదు, స్టే రావాలి. పరస్పర అంగీకారంతో తీసుకున్న డిక్రీ మీద ఫ్యామిలీ కోర్టుల చట్టం ప్రకారం అప్పీలే లేదు, సంతకం పెట్టేముందే ఆలోచించుకోండి.

ఇంకోటి, కస్టడీ ఆర్డర్ శాశ్వతం కాదు. పరిస్థితులు మారితే మార్చమని అదే కోర్టును అడగొచ్చు. రోసీ జాకబ్ కేసులో 1973లోనే సుప్రీంకోర్టు ఈ మాట చెప్పింది.

అప్పీలు గడువు సంగతి జాగ్రత్త. ఫ్యామిలీ కోర్టుల చట్టంలో 30 రోజులు, హిందూ వివాహ చట్టంలో 90 రోజులు అని ఉంది. ఆ 90ని నమ్ముకుని కూర్చోకండి, 30 లోపే వేసేయండి. తీర్పు చెప్పిన రోజే సర్టిఫైడ్ కాపీకి అప్లికేషన్ పెట్టండి, కాపీ ఇవ్వడానికి కోర్టుకు పట్టిన రోజులు గడువులో లెక్కకు రావు.