టిఫిన్ సెంటర్ సింకుకు గీజర్: అపోహలు - వాస్తవాలు

టిఫిన్ సెంటరైనా, కర్రీ పాయింటైనా, అంట్లు తోమే చోటికి ఇంటి బాత్రూమ్ లెక్క పనికిరాదు. ఇంట్లో ఒక బకెట్ నింపుకుని ఆపేస్తారు. ఇక్కడ రద్దీ తగ్గగానే గిన్నెలన్నీ ఒక్కసారే సింకులో పడతాయి.

అపోహ: 3 లీటర్ల ఇన్‌స్టంట్ గీజర్ చాలు, వేడినీళ్లు ఆగకుండా వస్తాయి.

వాస్తవం: ఆగకుండా వచ్చే మాట నిజమే, వేడి సంగతే అనుమానం. 3 కిలోవాట్ల ఎలిమెంట్ (నీళ్లు కాచే కడ్డీ) నిమిషానికి 2 లీటర్ల నీళ్లను సుమారు 20 డిగ్రీలు వేడెక్కించగలదు. కొళాయి పూర్తిగా తిప్పి నిమిషానికి 6 లీటర్లు వదిలితే పెరిగేది 7 డిగ్రీలే. డాల్డా అంటిన మూకుడుకు అది ఏ మూలకూ చాలదు. కస్టమర్లు చేతులు కడుక్కునే బేసిన్‌కైతే ఇన్‌స్టంట్ బ్రహ్మాండం.

అంట్లకు ట్యాంకులో నీళ్లు కాచి నిల్వ ఉంచే స్టోరేజ్ గీజరే కొనండి. ఎన్ని లీటర్లన్నది షాపు సైజును బట్టి కాదు, ఒక్క దఫాలో ఎన్ని టబ్బులు నింపుతారన్నదాన్ని బట్టి తేల్చుకోండి. 15 లీటర్ల గీజర్‌లో నీళ్లు 60 డిగ్రీలకు చేరితే, 25 డిగ్రీల చన్నీళ్లు కలిపి 45 డిగ్రీల నీళ్లు లెక్క ప్రకారం 26 లీటర్లు రావాలి. వాడుతుండగానే ట్యాంకులోకి చన్నీళ్లు చేరతాయి కాబట్టి చేతికొచ్చేది 20-22 అనుకోండి, అంటే ఒక టబ్బు. మళ్లీ వేడెక్కడానికి 2 కిలోవాట్ల ఎలిమెంట్‌కు 20 నిమిషాలు పడుతుంది. ఈలోపే రెండో టబ్బు కావాలంటే 25 లీటర్లది తీసుకోవాల్సిందే.

అపోహ: ఎంసీబీ (కరెంటు మితిమీరితే దానంతటదే ఆఫయ్యే స్విచ్) ఉంది కాబట్టి షాక్ భయం లేదు.

వాస్తవం: ఎంసీబీ కాపాడేది వైరును, మనిషిని కాదు. తడినేల మీద నిలబడి స్టీలు సింకు పట్టుకునే మనిషికి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్), సరైన ఎర్త్ రెండూ కావాలి. 2 కిలోవాట్ల గీజర్ దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది. 6 ఆంపియర్ల సాకెట్‌కు కన్వర్టర్ ప్లగ్గు తగిలిస్తే ముందు ప్లాస్టిక్ నల్లబడుతుంది, తర్వాత కాలుతుంది. 16 ఆంపియర్ల పాయింటుకు 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరుతో విడిగా లైను లాగించండి. సాకెట్ మీద నీళ్లు చిందకూడదు.

అపోహ: సేఫ్టీ వాల్వ్ కారుతోందంటే పాడైనట్టే, బిరడా బిగించేయాలి.

వాస్తవం: ఈ పని మాత్రం చచ్చినా చేయొద్దు. 15 లీటర్ల నీళ్లు 25 నుంచి 60 డిగ్రీలకు వేడెక్కితే 200 మిల్లీలీటర్ల దాకా వ్యాకోచిస్తాయి. వాల్వ్ వాటిని వెనక్కి పోనివ్వదు, అందుకే చుక్కలుగా బయటికి వదులుతుంది. అక్కడ చిన్న ట్యూబు తగిలించి డ్రెయిన్‌లోకి వదిలితే సరి. బిరడా వేశాక ఎప్పుడైనా థర్మోస్టాట్ (పెట్టిన వేడి దగ్గర ఆపేది), కటౌట్ (వేడి మితిమీరితే కరెంటు ఆపేది) రెండూ పనిచేయకపోతే ట్యాంకు పేలుతుంది. గీజర్ ఆఫ్‌లో ఉన్నా ఆగకుండా కారుతుంటే అది వేరే సంగతి: వాల్వ్‌లో మట్టో ఉప్పుపెళ్లో ఇరుక్కుని ఉంటుంది, లేదా ప్రెషర్ పంపు ఒత్తిడి ఎక్కువై ఉంటుంది.

అపోహ: ఎంత వేడి పెడితే అంత శుభ్రం.

వాస్తవం: ఇడ్లీ పిండి గిన్నె మీద మరిగే నీళ్లు పోస్తే పిండి అక్కడే ఉడికి అంటుకుంటుంది. గుడ్డు గిన్నె కూడా అంతే. వీటికి ముందు చన్నీళ్లు, జిడ్డుకే వేడినీళ్లు. బ్లీచింగ్ ద్రావణాన్నీ వేడినీళ్లలో కలపకండి, దాని బలం పోతుంది.

పైగా బోరు నీళ్లున్న చోట 60 దాటిన కొద్దీ ఎలిమెంట్ మీద తెల్ల పెళ్లు త్వరగా కడుతుంది. నీళ్లు కాగడానికి ముందుకన్నా ఎక్కువసేపు పడుతున్నా, లోపల చిటపట శబ్దం వస్తున్నా అదే కారణం. ఏడాదికోసారి విప్పించి పెళ్లు గీకించండి. అప్పుడే మెగ్నీషియం యానోడ్ రాడ్‌ను చూడండి, సన్నబడి లోపలి తీగ కనిపిస్తే మార్చేయాలి. ట్యాంకుకు పట్టాల్సిన తుప్పును అదే ముందు తీసుకుంటుంది.

అపోహ: చోటు లేకపోతే నిలువు గీజర్‌ను అడ్డంగా బిగించొచ్చు.

వాస్తవం: పైభాగంలో గాలి నిలిచి, ఎలిమెంట్ నీళ్లలో మునగక కాలిపోతుంది. అడ్డంగా పెట్టే మోడల్ వేరే దొరుకుతుంది, అదే అడగండి.

అపోహ: గీజర్ ఎక్కడున్నా పైపు లాగితే సరిపోతుంది.

వాస్తవం: అరంగుళం సీపీవీసీ (వేడినీళ్లకు తట్టుకునే ప్లాస్టిక్) పైపులో మీటరుకు సుమారు 130 మిల్లీలీటర్లు నిలుస్తాయి. 10 మీటర్లు లాగితే తిప్పిన ప్రతిసారీ లీటరుకు పైగా చల్లారిన నీళ్లు పారబోయాలి. సింకుకు రెండు మీటర్ల లోపే బిగించండి. మామూలు పీవీసీ పైపు వద్దు, వేడికి మెత్తబడి జాయింట్ల దగ్గర వదిలేస్తుంది.