ఫాస్ట్ బ్రేక్: అపోహలు - వాస్తవాలు

బాస్కెట్‌బాల్‌లో బంతి చేతికి రాగానే, ఎదుటి జట్టు వెనక్కి చేరి సర్దుకునేలోపే దాడి చేయడాన్ని ఫాస్ట్ బ్రేక్ అంటారు.

అపోహ: బాగా పరిగెత్తే కుర్రాళ్లుంటే చాలు, ఫాస్ట్ బ్రేక్ దానంతటదే వస్తుంది.

వాస్తవం: కోర్టు పొడవు 28 మీటర్లు. ఎంత వేగంగా డ్రిబుల్ చేసినా (బంతిని నేలకు కొడుతూ పరిగెత్తినా) పాస్ అంతకన్నా ముందే చేరుతుంది. అందుకే బ్రేక్ మొదలయ్యేది రీబౌండ్ (గురి తప్పి తిరిగొచ్చిన బంతి) పట్టినవాడి చేతుల్లో. బంతి అందగానే గడ్డం కిందికి గట్టిగా లాక్కోవాలి, మోచేతులు వెడల్పుగా ఉంచి దగ్గరి సైడ్‌లైన్ వైపు తిరగాలి. పాయింట్ గార్డ్ (బంతిని ముందుకు నడిపించే ఆటగాడు) ఫ్రీ త్రో గీతకు సూటిగా పక్కకు వెళ్లి, సైడ్‌లైన్‌కు వీపు పెట్టి నిలబడాలి. అలా నిలబడితే ఇటు బంతి, అటు ముందున్న కోర్టు రెండూ కనిపిస్తాయి.

ఎక్కువ జట్లు బ్రేక్‌ను పోగొట్టుకునేది ఇక్కడే. గార్డ్ బంతికి వీపు చూపించి పరిగెడతాడు, లేదా రీబౌండర్ పక్కకే వచ్చి చెయ్యి చాస్తాడు. ఈలోపు ఎదుటి జట్టులో ముగ్గురు వెనక్కి చేరిపోతారు. మన రింగు ముందు నుంచి అడ్డంగా పాస్ ఇవ్వడం ఇంకా ప్రమాదం, దొరికితే వాళ్లకు నేరుగా లేఅప్ (రింగు దగ్గరికెళ్లి వేసే తేలిక షాట్). 1978లో NBA (అమెరికా ప్రొఫెషనల్ లీగ్) టైటిల్ గెలిచిన వాషింగ్టన్ బుల్లెట్స్ సెంటర్ వెస్ అన్‌సెల్డ్‌కు ఈ మొదటి పాస్‌తోనే ఎంతో పేరొచ్చింది.

అపోహ: ఎదుటివాళ్లు బాస్కెట్ వేశాక బ్రేక్ ఉండదు.

వాస్తవం: ఉంటుంది. బంతి లోపలికి ఇచ్చేది ఎవరో ముందే ఖాయం చేసుకోండి. నెట్ నుంచి జారిన బంతిని తీసుకుని, రెండు పాదాలూ ఎండ్‌లైన్ బయట పెట్టి, బోర్డు కింద నుంచి పక్కకు జరిగి విసరాలి. జరగకపోతే బంతి బోర్డు వెనకకు తగులుతుంది. బాస్కెట్ పడ్డాక ఎండ్‌లైన్ వెంట కదలడానికి రూల్ ఒప్పుకుంటుంది.

అపోహ: అందరూ రింగు వైపే పరిగెత్తాలి.

వాస్తవం: అలా చేస్తే ఒక్క డిఫెండరే ముగ్గురిని ఆపేస్తాడు. ఇద్దరు వింగ్‌లు (అంచుల్లో ఆడేవాళ్లు) సైడ్‌లైన్‌కు ఒక మీటరు లోపల నుంచి కార్నర్ల దాకా వెళ్లాలి, ఒక పెద్ద ఆటగాడు మధ్యలోంచి రింగు ముందుకు. ఐదోవాడు ట్రైలర్, బంతికి మూడు నాలుగు మీటర్ల వెనక.

అపోహ: ఇద్దరికి ఒక డిఫెండర్ ఎదురైతే వెంటనే పాస్ ఇచ్చేయాలి.

వాస్తవం: తొందరపడి ఇస్తే డిఫెండర్ హాయిగా రెండోవాడి మీదికి జరుగుతాడు. ఇద్దరి మధ్య నాలుగైదు మీటర్ల ఎడం ఉంచండి. బంతి ఉన్నవాడు నిజంగా లేఅప్ వేయడానికే వెళ్లాలి, కళ్లు రింగు మీదే. డిఫెండర్ పాదాలు చూడండి: అతను ఒక అడుగు బంతి వైపు వేసిన క్షణంలోనే పాస్, డ్రిబుల్ నుంచే, ఒంటి చేత్తో. డిఫెండర్ చేతులు పైకెత్తితే బౌన్స్ పాస్ (నేలకు తాకించి ఇచ్చేది), కిందికి దించితే తల పక్క నుంచి. అడుగు వేయకపోతే పాస్ అక్కర్లేదు, మీరే వేసేయండి.

అపోహ: మొదటి లేఅప్ దొరక్కపోతే బ్రేక్ అయిపోయినట్టే, బంతి ఆపి సెట్ (ముందే అనుకున్న ఎత్తుగడ) పిలవాలి.

వాస్తవం: డిఫెన్స్ ఇంకా సర్దుకోలేదు, ఎవరు ఎవరిని పట్టుకోవాలో కేకలు వేసుకుంటూనే ఉంటుంది. ట్రైలర్ ఆగకుండా వచ్చి బంతి ఉన్నవాడికి స్క్రీన్ వేయాలి, అంటే అతని డిఫెండర్ దారికి అడ్డంగా నిలబడాలి. దీన్నే డ్రాగ్ స్క్రీన్ అంటారు. 2004-05లో మైక్ డాంటోనీ కోచ్‌గా 62 మ్యాచ్‌లు గెలిచిన ఫీనిక్స్ సన్స్ షాట్ క్లాక్ (షాట్ వేయడానికి ఇచ్చే గడువు) మొదటి సెకన్లలోనే ఇలా దాడి చేసేది. ఆ జట్టు పాయింట్ గార్డ్ స్టీవ్ నాష్ కుదరకపోతే రింగు కింద నుంచి కూడా డ్రిబుల్ ఆపకుండా బయటికొచ్చి మళ్లీ వెతికేవాడు. మీ గార్డ్‌కు ముందు ఈ అలవాటు నేర్పండి: పెయింట్‌లో (రింగు ముందు గీతలు గీసిన చోట) బంతి చేతుల్లోకి తీసుకుని ఇరుక్కుపోవద్దని.