చేప పడిందని రాస్తే చాలదు: గాలం సమాచారంపై అపోహలు - వాస్తవాలు

ఈకలు, దారం చుట్టిన చిన్న గాలంతో చేపలు పట్టే ఫ్లై ఫిషింగ్ గురించి, మామూలు గాలం వేట గురించి తెలుగులో రాసేవాళ్ల రాతల్ని హనుమకొండలో కూర్చుని సరిచూడడం నా పని. బయటివాళ్లకి ఇది అక్షరదోషాలు దిద్దే పనిలా కనిపిస్తుంది. కానీ మేం వేసిన ఒక్క వాక్యాన్ని నమ్మి ఎవరో తెల్లవారుజామునే ధర్మసాగర్ చెరువు కట్ట మీదికి వెళ్తారు, జీతంలోంచి డబ్బు తీసి రాడ్ కొంటారు, ప్రాణమున్న చేపను చేతిలోకి తీసుకుంటారు. అందుకే నాకు ప్రతి వాక్యం దగ్గరా టెన్షనే. కొత్తగా రాసేవాళ్ల నుంచి నేను తరచూ వినే మాటలు ఇవి.

అపోహ: ఇరవై ఏళ్లుగా గాలం వేస్తున్నాయన రాశారు. మళ్లీ సరిచూడడం ఎందుకు?

అనుభవానికి దండం పెడతాను. అయినా సరిచూస్తాను. మామూలు గాలంలో బరువు ఎర దగ్గర ఉంటుంది, విసిరితే దారం దాని వెంట పోతుంది. ఫ్లైలో అలా కాదు. ఈకలు, దారం చుట్టిన ఆ చిన్న గాలానికి బరువే ఉండదు. బరువంతా లైనులో ఉంటుంది, మనం విసిరేది లైనునే. అందుకే లైనుకి ఒక నంబరు ఉంటుంది. మొదటి 30 అడుగులు ఎంత తూగుతాయో దాన్నిబట్టి ఆ నంబరు ఇస్తారు: 5 నంబరుకి 140 గ్రెయిన్లు, 6కి 160, 7కి 185, 8కి 210. ఒక గ్రాముకి సుమారు 15.4 గ్రెయిన్లు.

ఒకసారి మంచి అనుభవమున్న ఒకాయన ఒక 6 నంబరు లైను గురించి రాస్తూ, "ఇది కొత్తవాళ్లకి చాలా తేలిక, రాడ్ తనంతట తనే వంగుతుంది" అన్నారు. నాకు ఆ మాట దగ్గర అనుమానం వచ్చింది. లైను తెప్పించి, తెలిసిన బంగారం కొట్టుకి తీసుకెళ్లాను. టేపుతో 30 అడుగులు కొలిచి గుర్తు పెట్టాం. ఆ మేరకు చిన్న చుట్టగా చుట్టి కాటా పళ్లెంలో ఉంచాం. మిగతా లైను బరువు లాగకుండా పళ్లెం ఎత్తుకి లెక్కల పుస్తకాల దొంతర పెట్టి దాని మీద ఆనించాం. కాటా 12.2 గ్రాములు చూపించింది. అంటే 188 గ్రెయిన్లు. డబ్బా మీద 6 అని ఉంది, లోపల ఉన్నది 7. రాడ్ బాగా వంగిందంటే వంగదా మరి! రాసినాయన అబద్ధం చెప్పలేదు, ఆయన చేతికి తెలిసిందే రాశారు. కారణం మాత్రం ఆయనకి తెలియదు. తూకం అంకె కలిపి ఆ రాతని వేశాం. అప్పటి నుంచి లైను గురించి ఏం రాసినా తూచాకే వేస్తున్నాం.

అపోహ: 5ఎక్స్ టిప్పెట్ అంటే 5 పౌండ్లు మోస్తుంది.

మోయదు. గాలానికి కట్టే ఆ సన్నటి చివరి దారం మందాన్నే ఎక్స్ చెబుతుంది. 11లోంచి ఆ అంకె తీసేస్తే అంగుళంలో ఎన్ని వెయ్యో వంతులో వస్తుంది. 5ఎక్స్ అంటే 0.006 అంగుళాలు, దాదాపు 0.15 మిల్లీమీటర్లు. ఎంత బరువుకి తెగుతుందన్నది ఏ పదార్థంతో చేశారు, ఎవరు చేశారు అన్నదాన్నిబట్టి మారుతుంది. అందుకని మేం రెండు అంకెలూ వేస్తాం.

అపోహ: చేప పేరు తెలుగులో రాస్తే సరిపోతుంది.

ఏ ఊరి తెలుగులో? కొర్రమీను అంటే కొందరికి తెలుస్తుంది, కొర్రమట్ట అంటే ఇంకొందరికి. పక్క జిల్లాకి పోతే పేరు మారుతుంది. కొన్నిచోట్ల ఒకే పేరుతో రెండు చేపల్ని పిలుస్తారు. తెలంగాణ రాష్ట్ర చేప అయిన కొర్రమీను శాస్త్రీయ నామం చన్నా స్ట్రయేటా. దాని దగ్గరి చుట్టం చన్నా మరూలియస్ ఇంకా చాలా పెద్దగా పెరుగుతుంది. ఫోటో ఒకదానిది, వివరం ఇంకోదానిది అయితే చదివినవాళ్ల లెక్కలన్నీ తప్పుతాయి. మార్పు చేప విషయంలో ఇది మరీ ముఖ్యం. మన చెరువుల్లో పుట్టి పెరిగిన మార్పు వేరు, మన దేశంలో పెంపకాన్ని నిషేధించిన ఆఫ్రికా క్యాట్‌ఫిష్ వేరు. అందుకే ఊరి పేరు, శాస్త్రీయ నామం రెండూ ఉండాలి, తల నుంచి తోక దాకా కనిపించే ఫోటో కూడా ఉండాలి. పేరు తేలకపోతే ఆ చేప సంగతి ఆపేస్తాం.

అపోహ: గాలం ఆట ఇంగ్లీషువాళ్లు నేర్పింది. లేదా, ఫ్లై ఫిషింగ్ మన దగ్గరే పుట్టింది.

ఈ రెండూ నా బల్ల మీదికి వస్తాయి, రెండూ కొట్టేస్తాను. కల్యాణి చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడి కాలం 1126 నుంచి 1138. అప్పటికి మన కాకతీయులు ఆ చాళుక్యులకి సామంతులు. ఆయన పేరున ఉన్న మానసోల్లాసంలో మత్స్యవినోదం అని ఒక భాగమే ఉంది. ఏ చేపకి ఏ ఎర, గాలం ఎలా ఉండాలి అన్నవి అందులో ఉన్నాయి. కాబట్టి గాలంతో చేపలు పట్టడం ఈ నేలకి కొత్త వినోదం కాదు. అయితే అందులో ఉన్నది ఎరతో పట్టడం. ఈకల ఫ్లై గురించి పాత ఆధారం వేరేచోట ఉంది: క్రీ.శ. 200 ప్రాంతంలో ఏలియన్ అనే రోమన్ రచయిత, మాసిడోనియా జాలర్లు గాలానికి ఎర్ర ఉన్ని, ఈకలు చుట్టి చేపలు పట్టడం గురించి రాశాడు. మన ఊరి మీద ప్రేమ నాకూ ఉంది. దాని కోసం లేని చరిత్ర వేయలేను.

అపోహ: చేప పడే చిట్కా నిజమైతే చాలు, వేసేయొచ్చు.

నేను ఎక్కువగా గొడవపడేది ఇక్కడే. వానాకాలంలో చెరువు శిఖం వైపు, గడ్డి అంచున, నీళ్ల మీద ఎర్రటి చుక్కలు బుడబుడలాడుతూ కనిపిస్తాయి. దగ్గరికి పోతే అగ్గిపుల్లంత పిల్లలు, వందల్లో, గుంపుగా పైకొచ్చి గాలి పీల్చి మళ్లీ కిందికి పోతుంటాయి. ధర్మసాగర్ దగ్గర ఒక పెద్దాయన నాకు మొదటిసారి చూపించాడు. "గా ఎర్రగున్నది సూడు బిడ్డా, దాని కింద తల్లుంటది. ఏది దగ్గరికొచ్చినా కొడతది" అన్నాడు. నిజమే. కొర్రమీను తన పిల్లలకి కాపలా కాస్తుంది, ఆ గుంపులోకి ఏం పడినా మీద పడుతుంది. అది ఆకలితో కాదు, కోపంతో. అందుకే అక్కడ కప్ప బొమ్మ వేసినా, ఫ్లై వేసినా చేప పడుతుంది. చిట్కా నూటికి నూరుపాళ్లు పనిచేస్తుంది. కానీ తల్లిని గట్టు మీదికి లాగిన క్షణం నుంచి పిల్లలకి కాపలా పోతుంది, మిగతా చేపలు వాటిని తినేస్తాయి.

ఆ చిట్కా మేం వేయం. ఆ గుంపు ఎలా ఉంటుందో, కనిపిస్తే ఎందుకు వదిలేసి పోవాలో మాత్రం ఫోటోతో సహా వేస్తాం.

అపోహ: కొర్రమీను గాలి పీలుస్తుంది కదా, కాసేపు గట్టు మీద పెట్టినా ఏమీ కాదు.

గాలి పీల్చడం నిజం. కానీ మే నెల ఎండలో కాలిన రాతికట్ట మీద పెడితే ఒంటి మీది జిగురు ఊడిపోతుంది, చేపకి రక్షణ ఆ జిగురే. వదిలేసే చేపని తడి చేత్తో పట్టుకోవాలి, నీళ్లలోనే గాలం తీయాలి. ఇంకో సంగతి. చల్లటి దేశాల ట్రౌట్ సలహాల్ని ఇక్కడికి దించేసేవాళ్లున్నారు. ట్రౌట్‌కి చల్లటి నీళ్లు కావాలి, మన చెరువుల్లో అది బతకదు. నీళ్లు వేడెక్కేకొద్దీ వాటిలో ఆక్సిజన్ తగ్గుతుంది. ఎండాకాలం మధ్యాహ్నం చాలాసేపు పోరాడి అలసిన బొచ్చె తేరుకోవడం కష్టం. అందుకే ఏ నీళ్లలో, ఏ నెలలో, ఏ పూట చేశారో లేని సలహాని నేను రాసినవాళ్లకి తిప్పి పంపిస్తాను.

అపోహ: చెరువు ఊరందరిది, చోటు చెప్పేస్తే తప్పేంటి?

మన చెరువుల్లో చాలావాటి మీద చేపలు పట్టుకునే హక్కు మత్స్య సహకార సంఘాలది. వాళ్లకి అది బతుకుదెరువు, మనకి సరదా. సంఘంవాళ్లని అడగాలన్న మాట లేకుండా ఏ చెరువు పేరూ వేయం. పాఖాల, ఏటూరునాగారం అభయారణ్యాలైతే అటవీ శాఖ అనుమతి లేకుండా గాలం ఊసే ఎత్తకూడదు. ఫలానా మత్తడి కింద, ఫలానా తూము పక్కన అని కచ్చితంగా కూడా చెప్పం. చెప్పిన వారానికే అక్కడ ఇరవై మంది ఉంటారు, తెగిన దారాలు కొంగల కాళ్లకి చుట్టుకుంటాయి.

అపోహ: లైను చుట్టే రీల్ అమ్మేవాళ్లు ఉచితంగా ఇచ్చారు, అయినా నా అభిప్రాయం నాదే. చెప్పడమెందుకు?

అభిప్రాయం మీదే కావచ్చు, చదివేవాళ్లకి మాత్రం సంగతి తెలియాలి. అమ్మేవాళ్లతో ఉన్న లావాదేవీని బయటపెట్టాలని 2022లో వచ్చిన కేంద్ర వినియోగదారుల రక్షణ మార్గదర్శకాలు కూడా చెబుతున్నాయి. మేం దాన్ని మొదటి పేరాలోనే వేస్తాం, చివర్లో సన్న అక్షరాల్లో కాదు.

అపోహ: తప్పు దొరికితే నిశ్శబ్దంగా దిద్దేయాలి.

కిందటేడు ఒక పట్టికలో 8 నంబరు లైను బరువు 120 గ్రెయిన్లని పడింది, ఉండాల్సింది 210. 120 అంటే 4 నంబరు. భూపాలపల్లి నుంచి ఒక కుర్రాడు ఫోన్ చేసి చెప్పాడు, అప్పటికే ఆ అంకె చూసి లైను కొన్నాడట. దిద్దాం. పాత అంకె, కొత్త అంకె, దిద్దిన తేదీ మూడూ పట్టిక కిందే వేశాం. అవి ఇప్పటికీ అక్కడే ఉన్నాయి. ఆ కుర్రాడికి సరైన లైను నా దగ్గరున్నదే పంపాను.