అట్ట పంపితే కొత్త డిస్కు ఇచ్చిన రోజులు

పోయిన వేసవిలో మా వీధి చివరింటి మాస్టారు ఇల్లు మారుతూ రెండు పెద్ద అట్టపెట్టెలు మా ఇంటికి పంపించారు. విప్పి చూస్తే నిండా వీసీడీలే, లెక్కపెడితే 142 సినిమాలు తేలాయి. అన్నీ ఆయన జీతంలోంచి, తర్వాత పెన్షన్‌లోంచి కొన్నవి, వెనక అట్ట మీద సెన్సార్ సర్టిఫికెట్ అచ్చేసి ఉన్న అసలు సీడీలు. పైరసీది ఒక్కటి కూడా లేదు. ఆయన ఫోన్ చేసి అడిగింది ఒకటే: "బాబూ, ఇవి ఇచ్చేసి పైన ఎంతో కొంత కడితే, ఇవే సినిమాలు ఇప్పటి పద్ధతిలో ఇచ్చేవాళ్లు ఎవరైనా ఉన్నారా?"

లేరు. మా విజయనగరంలో లేరు, విశాఖలో లేరు, హైదరాబాద్‌లోనూ లేరు. కానీ మాస్టారు అడిగినదాంట్లో తప్పేమీ లేదు. బంగారానికి మార్పిడి ఉంది, ఫ్రిజ్‌కి ఎక్స్‌ఛేంజ్ ఉంది, పాత బట్టలకు స్టీలు గిన్నెలిచ్చేవాళ్లు ఇప్పటికీ వీధిలోకి వస్తారు. డబ్బు పెట్టి కొన్న సినిమాకు ఎందుకు లేదు? ఈ ప్రశ్నకు ఒకచోట, ఒకసారి, చక్కటి జవాబు దొరికింది కూడా. అది చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

1982లో ఢిల్లీ ఏషియాడ్‌తో కలర్ టీవీ వచ్చాక, మన వైపు ఊళ్లలోకి సినిమా పెట్టెలో వచ్చింది. వీసీఆర్‌ను మేం డెక్కు అనేవాళ్లం. చీపురుపల్లి దగ్గర మా అమ్మమ్మగారి ఊళ్లో సంక్రాంతికో పెళ్లికో చందాలేసుకుని టీవీ, డెక్కు, జనరేటర్ అద్దెకు తెచ్చేవాళ్లు, మూడు క్యాసెట్లు, తెల్లవార్లూ మూడు సినిమాలు, రెండో సినిమా సగానికి పిల్లలంతా చాపల మీదే నిద్ర. క్యాసెట్ ఎవరిదీ కాదు, షాపువాడిది. అందుకే తర్వాత క్యాసెట్ల కాలం పోయినప్పుడు నష్టం షాపువాడికే తగిలింది, చూసినవాళ్లకు తగల్లేదు. అంతకుముందే జపాన్‌లో ఒక గొడవ జరిగిపోయింది: సోనీ 1975లో బీటామాక్స్ అనే రకం క్యాసెట్ తెచ్చింది, 1976లో జేవీసీ దానికి పోటీగా వీహెచ్ఎస్ తెచ్చింది, మొదటి బీటామాక్స్ క్యాసెట్‌లో గంట పడితే వీహెచ్ఎస్‌లో రెండు గంటలు పట్టేది. బీటామాక్స్ ఓడిపోయింది. ఓడినా సోనీ ఆ ఖాళీ క్యాసెట్లను 2016 మార్చి వరకు అమ్మింది. ఇది నాకు ముచ్చటగా అనిపిస్తుంది, కొన్నవాళ్లను అంతకాలం నట్టేట వదల్లేదు.

సినిమాను కొని బీరువాలో దాచుకోవడం మన దగ్గర మొదలైంది వీసీడీతోనే. ఆ ఫార్మాట్ 1993 నాటిది. మామూలు సీడీలోనే 74 నిమిషాల వీడియో, బొమ్మ సైజు 352 చుక్కలు అడ్డం, 288 నిలువు. ఇప్పటి ఫోన్‌లో చూస్తే మసకగా ఉంటుంది గానీ అప్పటి 20 అంగుళాల టీవీకి అది చాలు. మన సినిమాలు రెండు, రెండున్నర గంటలు ఉంటాయి కాబట్టి రెండు సీడీలు, ఇంకా పెద్దవాటికి మూడు. పాట మధ్యలోనో ఏడుపు సీనులోనో ఆగిపోతే ఎవరో ఒకరు లేచి రెండో సీడీ పెట్టాలి. గీత పడితే స్ట్రక్ అయ్యేది, అప్పుడు లుంగీ అంచుతో తుడవడం, టూత్‌పేస్ట్ రాయడం, అయినా కాకపోతే ఆ సీను దాటించెయ్యడం.

ఆ రోజుల్లో మా ఊళ్లో గంటస్తంభం చుట్టుపక్కల, ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర సీడీ షాపులు బాగానే ఉండేవి. మార్పిడి కూడా ఉండేది. చూసేసిన సీడీ ఇచ్చి పది రూపాయలో పదిహేనో కడితే వేరే సినిమా ఇచ్చేవాళ్లు. కాకపోతే వీసీడీకి వీసీడీయే. డీవీడీ వచ్చాక "వీసీడీలు తీసుకుని డీవీడీలు ఇస్తారా?" అని అడిగితే నాకు తెలిసిన షాపతను నవ్వి, "కేజీల్లెక్కన కూడా ఎవులూ తీసుకోరు బాబూ" అన్నాడు.

ధర పడిపోయింది మాత్రం మోజర్ బేర్ వల్ల. ఖాళీ సీడీలు తయారుచేసే ఆ కంపెనీ సినిమాల హక్కులు కొని వీసీడీ 28 రూపాయలకు, డీవీడీ 34 రూపాయలకు అమ్మింది. అప్పటిదాకా వంద, నూట యాభై పెట్టలేక పైరసీ కొన్నవాళ్లు అసలు సీడీ కొనడం మొదలుపెట్టారు. మాస్టారి పెట్టెల్లో సగానికి సగం ఆ రోజుల్లో కొన్నవే. ఒక మామూలు ఉద్యోగి ఇంట్లో వంద సినిమాలు సొంతంగా ఉండటం అంతకుముందు ఊహకందని సంగతి.

ఇదే సమయంలో అక్కడ, అమెరికాలోనూ జపాన్‌లోనూ, డీవీడీ తర్వాత ఏంటన్న దాని మీద మళ్లీ గొడవ. ఒకవైపు తోషిబా వాళ్ల హెచ్‌డీ డీవీడీ, ఇంకోవైపు సోనీ వాళ్ల బ్లూరే. రెండూ 2006లోనే కొన్ని నెలల తేడాతో మార్కెట్లోకి వచ్చాయి. రెండిట్లోనూ వాడింది ఒకే నీలి లేజర్, దాని తరంగదైర్ఘ్యం 405 నానోమీటర్లు. డీవీడీ ఎర్ర లేజర్ 650, సీడీది 780. ఆ సంఖ్య తగ్గేకొద్దీ కిరణాన్ని ఇంకా సన్నని చుక్క మీద నిలపొచ్చు, అదే డిస్కులో ఎక్కువ సమాచారం ఇరికించొచ్చు. హెచ్‌డీ డీవీడీలో ఒక్కో పొరకు 15 జీబీ, బ్లూరేలో 25. అయితే హెచ్‌డీ డీవీడీలో సమాచారం ఉండే పొర డీవీడీలో లాగే 0.6 మిల్లీమీటర్ల లోతున ఉంటుంది, కాబట్టి పాత ఫ్యాక్టరీలనే కొద్దిగా మార్చి తయారుచేసుకోవచ్చు, ఖర్చు తక్కువ. బ్లూరేలో అది పైకి 0.1 మిల్లీమీటరులోనే ఉంటుంది, గీతలు పడకుండా గట్టి పూత వెయ్యాలి, యంత్రాలు కొత్తవి కావాలి. అసలు లడాయి అక్కడే.

సినిమా కంపెనీలు రెండుగా చీలిపోయాయి. డిస్నీ, ఫాక్స్, సోనీ బ్లూరే వైపు, యూనివర్సల్ హెచ్‌డీ డీవీడీ వైపు. పారమౌంట్ 2007 ఆగస్టులో హెచ్‌డీ డీవీడీకే కట్టుబడతానంది. ఆ నవంబర్‌లో వాల్‌మార్ట్ అనే అమెరికా దుకాణాల సంస్థ ఒక హెచ్‌డీ డీవీడీ ప్లేయర్‌ను వంద డాలర్ల లోపుకే అమ్మేసరికి జనం ఎగబడ్డారు. రెండు రకాల డిస్కులూ వేస్తున్న వార్నర్ అనే సినిమా కంపెనీ 2008 జనవరి 4న ఇకమీదట బ్లూరే మాత్రమే అని ప్రకటించింది. దాంతో అంతా తలకిందులైంది. ఫిబ్రవరి 19న తోషిబా చేతులెత్తేసింది. నవంబర్‌లో ప్లేయర్ కొన్నవాడికి నాలుగు నెలలైనా తిరగలేదు.

ఇక్కడే నాకు ఆసక్తి ఉన్న భాగం. కొన్నవాళ్ల సంగతేంటి? బెస్ట్ బై అనే దుకాణాల సంస్థ తమ దగ్గర హెచ్‌డీ డీవీడీ ప్లేయర్ కొన్నవాళ్లకు 50 డాలర్ల గిఫ్ట్ కార్డులు పంపింది. మంచిదే, కానీ అది ప్లేయర్‌కి. కొన్న సినిమాల మాట? 2009లో వార్నర్ ఒక పథకం పెట్టింది, పేరు రెడ్‌టుబ్లూ. హెచ్‌డీ డీవీడీ డబ్బాలు ఎర్రగా ఉండేవి, బ్లూరే డబ్బాలు నీలంగా ఉంటాయి, అందుకని ఆ పేరు. అప్పటి పద్ధతి చాలా సులువు. మీ దగ్గరున్న వార్నర్ హెచ్‌డీ డీవీడీ డబ్బాలోంచి ముందు అట్ట కాగితం తీసి పోస్టులో పంపాలి, సినిమాకు 4.95 డాలర్లు కట్టాలి, అప్పటి లెక్కన సుమారు 240 రూపాయలు, పోస్టు ఖర్చులు వేరు. అదే సినిమా బ్లూరే మీ ఇంటికొస్తుంది. ఒక్కొక్కరు 25 సినిమాల వరకు మార్చుకోవచ్చు. పాత డిస్కు తిరిగివ్వక్కర్లేదు, అది మీ దగ్గరే ఉంచుకోవచ్చు.

అందులో ఉన్న ఆలోచన నాకు చాలా గొప్పగా తోస్తుంది. ప్లాస్టిక్ ముక్కకు విలువ లేదు, "ఈ సినిమా నేను ఒకసారి కొన్నాను" అన్న రుజువుకు విలువ ఉంది, ఆ రుజువు అట్ట. సినిమాకు డబ్బు ఒకసారి ఇచ్చేశావు కాబట్టి కొత్త డిస్కు తయారీ ఖర్చు ఇస్తే చాలు అన్నట్టు. మాస్టారు అడిగిందీ సరిగ్గా ఇదే. ఆయన రెడ్‌టుబ్లూ పేరు కూడా వినలేదు. అయినా "పైన ఎంతో కొంత కడితే" అన్నారు, ఊరికే ఇమ్మనలేదు.

2012లో వాల్‌మార్ట్ ఇంకో రకం పెట్టింది. డీవీడీలు షాపుకి పట్టుకెళితే, చూసి ముద్ర వేసి డిస్కు తిరిగిచ్చేసి, అదే సినిమా ఇంటర్నెట్‌లో చూసుకునేలా ఖాతాలో వేసేవాళ్లు. మామూలు క్వాలిటీకి 2 డాలర్లు, హెచ్‌డీకి 5. అవి చేరేది అల్ట్రావయొలెట్ అనే డిజిటల్ బీరువాలోకి. ఆ బీరువా 2019 జూలై 31న మూతపడింది, అంతకుముందే వేరే ఖాతాలకు లింక్ చేసుకోమన్నారు, చాలామంది చేసుకున్నారు. డిస్కు పోయినా భయమే, డిస్కు లేకపోయినా భయమే.

ఇక మన దగ్గర ఎందుకు జరగలేదంటే, ముఖ్యంగా హక్కుల వల్ల. రెడ్‌టుబ్లూలో పాత డిస్కు వేసింది వార్నర్, కొత్తది వేసింది వార్నర్, పంచే హక్కు ఉన్నదీ వార్నర్‌కే. అంతా ఒక చేతిలో ఉంది కాబట్టి ఒక నిర్ణయంతో అయిపోయింది. తెలుగు సినిమాకు అలా కాదు. నిర్మాత వీడియో హక్కులు ఒకరికి అమ్ముతాడు, శాటిలైట్ ఇంకొకరికి, నెగెటివ్ హక్కులు, అంటే సినిమా అసలు రీలు మీది హక్కులు, ఎప్పుడో వేరేవాళ్ల చేతికి పోయి ఉంటాయి, కొన్నిటికి గడువులు. వీసీడీ వేసిన కంపెనీకి ఆ సినిమాను ఇవాళ డిజిటల్‌లో ఇచ్చే హక్కు ఉండాలనేం లేదు. హక్కు ఉన్నవాడికి మాస్టారు ఎవరో తెలీదు, ఆయన నుంచి వాళ్లకు పైసా ముట్టలేదు. పైగా వీసీడీ వేసినవాళ్లే లేకపోతే? మోజర్ బేర్‌ను అమ్మేసి అప్పులు తీర్చమని 2018 సెప్టెంబర్‌లో ట్రిబ్యునల్ ఆదేశించింది. అట్టలు పంపుదామన్నా ఏ చిరునామాకు పంపాలి?

ఒక విచిత్రం ఉంది. ఆ చిరునామా అట్ట మీద ఉండి తీరాలని మన చట్టమే చెబుతుంది. కాపీరైట్ చట్టంలో 1984లో చేర్చిన 52ఎ సెక్షన్ ప్రకారం వీడియో సినిమా మీద, దాని డబ్బా మీద సెన్సార్ సర్టిఫికెట్ నకలు, వీడియో తయారుచేసినవాళ్ల పేరు, చిరునామా, హక్కుదారుడి పేరు, చిరునామా వెయ్యాలి. పైరసీని పట్టుకోవడానికి పెట్టిన రూలు అది. మాస్టారి 142 అట్టల మీదా ఈ వివరాలున్నాయి, సన్నని అక్షరాల్లో. అంటే ఎవరైనా మార్పిడి పెట్టదలిస్తే కొన్నవాడి దగ్గర రుజువు తయారుగా ఉన్నట్టే.

ఇంతలో 2016 సెప్టెంబర్‌లో జియో వచ్చింది, ఏడాది తిరక్కుండా మా ఊరి సీడీ షాపులు ఫోన్ రీచార్జ్ షాపులైపోయాయి. అంతకుముందే మెమరీ కార్డులో సినిమాలు ఎక్కించే పని మొదలైంది, సినిమాకు పది రూపాయలు. పాత సీడీలు ఆటోల వెనక రిఫ్లెక్టర్లుగా, పొలాల్లో పిట్టల్ని బెదరగొట్టడానికి దారాలకు వేలాడుతూ కనిపించేవి. మా పెదనాన్న మొక్కజొన్న చేలో కూడా కట్టాడు. దగ్గరకెళ్లి చూస్తే ఒకదాని మీద హీరో బొమ్మ ఇంకా ఉంది, ఎండకు రంగు వెలిసి. ఆ సినిమా ఇప్పుడు ఏ ఓటీటీలోనూ నాకు దొరకలేదు, యూట్యూబ్‌లో పాటలు మాత్రం ఉన్నాయి.

నా బాధ అదే. పెద్ద హీరోల సినిమాలు ఎక్కడో ఒకచోట ఉంటాయి. డెబ్భైల్లో, ఎనభైల్లో వచ్చిన చిన్న సినిమాలు చాలావాటికి మామూలు జనం చేతిలో ఉన్న కాపీ వీసీడీ ఒక్కటే, అదేమో అల్యూమినియం పొర మీద పల్చని వార్నిష్ లాంటి పూత. తేమ తగిలితే పొర తినేస్తుంది. 2014లో హుద్‌హుద్ తుఫానుకు మా వీధిలో కరెంటు లేని రోజుల్లో తడిసిన సీడీల్ని నేనే ఎండబెట్టాను, కొన్నిటి అంచుల్లో ఆ తర్వాత చిన్న చిన్న చిల్లులు పడ్డాయి, వెలుతురుకు పట్టుకుంటే సూదితో గుచ్చినట్టు కనిపిస్తాయి. ఇది మన సీడీలకే వచ్చిన జబ్బు కాదు. 2006 నుంచి 2008 మధ్య తయారైన కొన్ని డీవీడీలు పాడవుతున్నాయని వార్నర్ సంస్థే 2025లో ఒప్పుకుని, కుదిరితే అదే సినిమా, లేకపోతే అంత విలువున్న ఇంకోటి మార్చి ఇస్తామంది. అక్కడ అడగడానికి ఒక గుమ్మం ఉంది.

నేను చేస్తున్నది చిన్న పని. పాత కంప్యూటర్‌లో డీవీడీ డ్రైవ్ ఇంకా పనిచేస్తోంది. వీసీడీ పెడితే లోపల ఎంపెగ్‌ఏవీ అనే ఫోల్డర్, అందులో AVSEQ01.DAT అని ఒక ఫైలు, దాన్ని హార్డ్‌డిస్క్‌లోకి లాగడమే. ఎక్కడా ఎవరికీ ఇవ్వడానికి కాదు, మాస్టారి టీవీకి పెన్‌డ్రైవ్ పెట్టి ఆయన చూసుకోవడానికి. 142లో ఇప్పటికి 90 అయ్యాయి. 23 సినిమాలకు ఏదో ఒక సీడీ రీడింగ్ తీసుకోవడం లేదు, ఎక్కువగా రెండోదే, ఎందుకో తెలీదు.

అయిపోయినవి పారెయ్యమని మాస్టారి అబ్బాయి అన్నాడు, కొత్త ఇంట్లో చోటు లేదట. సీడీలు మీ ఇష్టం గానీ అట్టలు మాత్రం పారెయ్యొద్దని చెప్పి, డబ్బాల్లోంచి ఒక్కొక్కటీ తీసి, సాపు చేసి, పాతిక చొప్పున రబ్బరు బ్యాండ్లు వేసి కట్టాను. మొత్తం ఒక చెప్పుల పెట్టెలో పట్టేశాయి. మాస్టారు దాన్ని వాళ్ల ఇంటి కాగితాలున్న బీరువాలోనే పెట్టుకున్నారు.