గేటు పక్క చామంతి ఎందుకు పూయలేదు?

హనుమకొండ నుంచి ఒక పాఠకురాలు ఉత్తరం రాశారు. వాళ్ళింట్లో పచ్చ చామంతి కుండీలు రెండున్నాయి. మొక్కలు రెండూ ఒకే నర్సరీ నుంచి ఒకేరోజు తెచ్చినవి. అత్తగారు నాటింది డాబా మీద ఉంది, కోడలు నాటింది గేటు పక్కన ఉంది. మట్టి ఒకటే, ఎరువు ఒకటే, నీళ్ళు పోసేదీ ఒకరే. దీపావళి దాటేసరికి డాబా మీది మొక్క విరగబూసింది. గేటు పక్కది మోకాలెత్తు పెరిగి, ఆకులతో నవనవలాడుతూ, ఒక్క మొగ్గయినా వేయలేదు. "నా చెయ్యి మంచిది కాదంటున్నారు. మొక్కకు దిష్టి తీసి ఎండుమిరపకాయలు కూడా కాల్చాం. చేతికీ పూతకూ నిజంగా సంబంధం ఉందా?" అన్నది ఆమె ప్రశ్న.

గేటు దగ్గర వీధి దీపం ఉందా అని తిరిగి అడిగాను. ఉందట. పాత దీపం తీసేసి ఈ ఏడాదే తెల్లటి ఎల్‌ఈడీ బిగించారట. దొంగ దొరికాడు. ఆ కోడలి చెయ్యి నిక్షేపంగా ఉంది.

మొక్కల విషయంలో మన ఇళ్ళలో నిందలన్నీ ఆడవాళ్ళ చేతుల మీదికే వస్తాయి. ముట్టు సమయంలో తాకితే మల్లె మాడిపోతుందనీ, కరివేపాకు ఎండిపోతుందనీ చదువుకున్నవాళ్ళు కూడా అంటుంటారు. తాకినది ఎవరో, ఏ రోజున తాకారో తెలుసుకునే ఏర్పాటు ఏ మొక్కలోనూ లేదు. గాలికి ఊగినా, మేక రాసుకుపోయినా, మనిషి నిమిరినా మొక్కకు తెలిసేది ఒత్తిడి ఒక్కటే. అయితే చామంతికి చాలా సూక్ష్మంగా తెలిసే సంగతి ఒకటుంది. రాత్రి ఎంత పొడవుందో దానికి తెలుసు.

ఆశ్వయుజం వచ్చిందని మొక్కకు ఎవరు చెబుతారు? చలి అనుకుంటాం. కానీ వరంగల్‌లో అక్టోబరు నెలను నమ్మడానికి లేదు. అల్పపీడనం పడితే రెండు రోజులు దుప్పటి వెతుక్కుంటాం, మూడో రోజు మళ్ళీ ఉక్కపోత. వానలూ అంతే, ఒక ఏడు ముందే వెళ్ళిపోతాయి, ఇంకో ఏడు పత్తి తడిసేదాకా వదలవు. ఏటా ఒకే తేదీన ఒకే కొలతకు వచ్చేది రాత్రి మాత్రమే. వరంగల్ సుమారు 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. ఇక్కడ జూన్‌లో అతి చిన్న రాత్రి 10 గంటల 50 నిమిషాలకు కాస్త తక్కువ, డిసెంబరులో అతి పెద్ద రాత్రి దాదాపు 13 గంటలు. ఏడాది మొత్తంలో తేడా రెండుంబావు గంటలు కూడా లేదు. లండన్‌లో రాత్రి ఏడున్నర గంటల నుంచి పదహారు గంటల దాకా సాగుతుంది కాబట్టి అక్కడి మొక్క ఋతువును పోల్చుకోవడంలో వింతేమీ లేదు. మన దగ్గర సెప్టెంబరు, అక్టోబరుల్లో రాత్రి రోజుకు ఒక్క నిమిషం చొప్పున మాత్రమే పెరుగుతుంది. బతుకమ్మ పండుగ తొమ్మిది రోజుల్లో, ఎంగిలిపూల నుంచి సద్దుల దాకా, పెరిగేది ఎనిమిది, తొమ్మిది నిమిషాలు. మనం గమనించను కూడా గమనించం. మొక్క గమనిస్తుంది.

పండుగ చంద్రుణ్ణి బట్టి వస్తుంది, మొక్క సూర్యుణ్ణి బట్టి నడుస్తుంది. 2023లో అధికమాసం రావడంతో ఎంగిలిపూల బతుకమ్మ అక్టోబరు 14న పడింది. 2025లో సెప్టెంబరు 21నే వచ్చేసింది. ఈ రెండు తేదీల రాత్రుల మధ్య తేడా ఇరవై నిమిషాల పైమాటే. పండుగ ముందుకొచ్చిన ఏడు "ఈసారి చామంతి ఇంకా రాలేదేం?" అని పూల మార్కెట్లో ఎవరైనా అడిగితే జవాబు ఆ ఇరవై నిమిషాల్లో చాలావరకు దొరుకుతుంది. బతుకమ్మలో పేర్చే గునుగు, బంతి కూడా రాత్రులు పొడవయ్యేకొద్దీ పూతకు తొందరపడేవే. కాకపోతే చామంతిలాగా పట్టుబట్టవు. తంగేడును ఈ లెక్కలో కలపను, అది దాదాపు ఏడాదంతా ఏదో ఒక కొమ్మన పూస్తూనే ఉంటుంది.

ఈ సంగతి మొదట తేలింది పొగాకులో. అమెరికా వ్యవసాయ శాఖలో గార్నర్, అలార్డ్ అనే ఇద్దరు ఎండాకాలమంతా పెరుగుతూనే ఉండి పూయని ఒక పొగాకు రకాన్ని పట్టుకుని, సాయంత్రం పెందలాడే చీకటి గదిలోకి తోసి, పొద్దెక్కాక బయటికి తీస్తూ పూయించారు. 1920లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. పగలు తగ్గడం వల్లే పూసిందని అప్పట్లో అనుకున్నారు. మన ఇంటర్మీడియట్ పిల్లలు ఏళ్ళ తరబడి హ్రస్వ దీప్తికాల మొక్కలు (పగలు చిన్నదైతే పూసేవి), దీర్ఘ దీప్తికాల మొక్కలు (పగలు పెద్దదైతే పూసేవి) అంటూ రెండు గడుల పట్టిక బట్టీపట్టి పరీక్షలో రాసి వచ్చారు. ఒక కుండీని వీధి దీపం కింద, ఇంకోదాన్ని పెరట్లో పెట్టి చూడమని చెప్పే మాస్టారు ఉంటే ఆ పట్టికే అక్కర్లేదు.

అసలు మలుపు 1938లో వచ్చింది. హామ్నర్, బానర్ అనే శాస్త్రవేత్తలు మరులమాతంగి మీద పని చేశారు. చేలగట్ల మీద నడిస్తే పంచెకూ, మేకల బొచ్చుకూ అంటుకుపోయే ముళ్ళకాయల మొక్క అదే. దానికి తొమ్మిది గంటల చీకటి ఇస్తే పూస్తుంది. పగటి నడుమ కాసేపు చీకటి చేస్తే ఏ తేడా రాలేదు. రాత్రి నడుమ ఒక్క నిమిషం దీపం వెలిగించారు, పూత ఆగిపోయింది. అంటే మొక్క పట్టించుకునేది పగటిని కాదు, తెంపు లేని చీకటిని.

దీన్ని పాలు తోడుపెట్టడంతో పోల్చి చూడండి. రాత్రి పాలలో తోడు వేసి మూత పెట్టాం. మొదటి గంటలో ఎవరైనా గిన్నె కదిపినా, గరిటె పెట్టి తిప్పినా పెరుగుకు వచ్చే నష్టం లేదు. బాగా తోడుకున్నాక తెల్లవారుజామున కదిపినా పెద్దగా చెడదు. అప్పుడప్పుడే గడ్డకడుతున్న నడిమి గంటల్లో కదిపితే మాత్రం విరిగి నీళ్ళు తేలుతుంది. చామంతి రాత్రి కూడా అలాంటిదే. పొద్దుగూకిన కొత్తలో వెలుతురు పడితే పగలు కాస్త సాగిందనుకుని మళ్ళీ మొదటి నుంచి లెక్క మొదలుపెడుతుంది. తెల్లవారబోతుండగా పడినా పరవాలేదు. చీకటి పడ్డాక ఇన్ని గంటలకని దాని లోపలి గడియారం ఒక వేళ పెట్టుకుని ఉంటుంది. ఆ వేళకు వెలుతురు తగిలితే ఆ రాత్రి లెక్కలోకి రాదు. కర్ణాటక, తమిళనాడుల్లో చామంతి రైతులు తోటల్లో బల్బులు కట్టి, పూత వెనక్కి జరిపి, ధర పలికే రోజులకు పూయిస్తారు. ఆ బల్బులు సాయంత్రం నుంచే వెలగాల్సిన పనిలేదు, రాత్రి పది నుంచి రెండు దాకా వెలిగితే చాలు. గిన్నెను ఎప్పుడు కదపాలో వాళ్ళకు తెలుసు.

పోలిక ఇక్కడి దాకా బాగానే నడిచింది. ఇక చెడేది రెండు చోట్ల. మొదటిది చలి. చలికాలంలో పెరుగు ఆలస్యంగా తోడుకుంటుంది, ఎండాకాలంలో నాలుగు గంటల్లో పులుస్తుంది. చామంతి గడియారం అలా వేడికి పరుగెత్తదు, చలికి నిద్రపోదు. మొగ్గ పెరిగే వేగం వేడిని బట్టి మారుతుంది కానీ వేళల లెక్క పెద్దగా మారదు. పగలు, రాత్రి కొలిచేది మొక్కలోని సొంత గడియారమేనని జర్మనీ శాస్త్రవేత్త బ్యూనింగ్ 1936లోనే ప్రతిపాదించాడు. చాలా ఏళ్ళ పాటు ఆయన మాట ఎవరూ చెవికెక్కించుకోలేదు.

రెండోది ఇంకా విచిత్రం. విరిగిన పెరుగును మళ్ళీ అతికించలేం. చెడిన రాత్రిని మాత్రం అతికించవచ్చు. మేరీలాండ్‌లోని బెల్ట్స్‌విల్ ప్రయోగశాలలో బోర్త్‌విక్, హెండ్రిక్స్ బృందం 1952లో ఇది చూపించింది. నడిరాత్రి ఎర్రటి వెలుతురు, 660 నానోమీటర్ల తరంగదైర్ఘ్యానికి అటూ ఇటూ ఉండేది, తగిలితే మరులమాతంగి పూత ఆగుతుంది. వెంటనే 730 నానోమీటర్ల సుదూర అరుణ కాంతి, అంటే ఎరుపుకు ఆవలి అంచున ఉండే వెలుతురు, చూపిస్తే ఆగిన పూత తిరిగి వస్తుంది. మళ్ళీ ఎరుపు చూపిస్తే మళ్ళీ ఆగుతుంది. ఎన్నిసార్లు మార్చినా చివర పడిన వెలుతురుదే మాట. ఇదంతా ఆకులో ఉండే ఫైటోక్రోమ్ అనే నీలాకుపచ్చ ప్రొటీన్ పని. దానికి రెండు రూపాలున్నాయి. ఒకటి ఎరుపును పీల్చుకుని రెండోదిగా మారుతుంది, రెండోది సుదూర అరుణాన్ని పీల్చుకుని మొదటిదానిలోకి తిరుగుతుంది. పగలంతా రెండో రూపం కూడుకుంటుంది, చీకట్లో అది మెల్లగా కరిగిపోతుంది. నడిరాత్రి ఎరుపు తగిలి అది మళ్ళీ పుడితే చామంతి పూత ఆగుతుంది. తెల్లటి ఎల్‌ఈడీ వెలుగులో ఎరుపుకు కొదవలేదు, సుదూర అరుణం దాదాపు ఉండదు. గేటు పక్క కుండీకి జరిగింది అదే.

ఎంత వెలుతురు కావాలి? వెలుతురును లక్సుల్లో కొలుస్తారు. పూత ఆపడానికి రైతులు మొక్క తలల మీద సుమారు 100 లక్సులు పడేలా బల్బులు కడతారు. వీధి దీపం కింద పది, ఇరవై లక్సులే ఉండొచ్చు. కానీ అది నాలుగు గంటలు కాదు, రాత్రంతా వెలుగుతుంది, ప్రతి రాత్రీ వెలుగుతుంది. పున్నమి వెన్నెల పావు లక్సుకు అటూ ఇటూగానే ఉంటుంది, చామంతిని అది చెడగొట్టదు. కార్తీకమాసంలో తులసికోట దగ్గర ప్రమిద వెలిగిస్తే పక్కనున్న చామంతి పూయదా అని ఎవరైనా భయపడితే, నిశ్చింతగా వెలిగించుకోండి. ఒక కొవ్వొత్తి మీటరు దూరంలో ఇచ్చేది ఒక్క లక్సు. పైగా మనం దీపం పెట్టేది సందెవేళ, గిన్నె కదిపినా నష్టం లేని గంటలో.

వెన్నెల మీద బ్యూనింగ్‌కు ఇంకో ఊహ కూడా ఉండేది. తంగేడు జాతి మొక్కలు సాయంత్రమయ్యేసరికి ఆకులు ముడుచుకుంటాయి కదా, అది వెన్నెల తమ లెక్కను చెడగొట్టకుండా కాచుకోవడానికే అంటాడు. అందరూ ఒప్పుకోలేదు. నాకు మాత్రం ఆ ఊహ నచ్చుతుంది.

రాత్రిని కొలిచేది ఆకు, పూసేది కొమ్మ చివర. మరి కబురు ఎలా చేరుతుంది? ఇక్కడ కథానాయిక చామంతే. 1930లలో సోవియట్ శాస్త్రవేత్త చైలఖ్యాన్ చామంతి మొక్క పైభాగంలో ఆకులు తుంచేసి, కింది ఆకులకు పొడవాటి రాత్రులు, పైకొనకు చిన్న రాత్రులు ఇచ్చాడు. మొక్క పూసింది. తిరగేసి చేస్తే పూయలేదు. ఆకులో ఏదో తయారై పైకి పోతోందని తేల్చి, దానికి ఫ్లోరిజెన్ అని పేరు పెట్టాడు. ఆ "ఏదో" ఏమిటో తెలియడానికి డెబ్బయ్యేళ్ళు పట్టింది. 2007లో అరబిడాప్సిస్ అనే ఆవజాతి మొక్కలోనూ, వరిలోనూ అది ఒక చిన్న ప్రొటీన్ అని తేలింది. ఆకులో పుట్టి, ఆహారం మోసే నాళాల వెంట కొనకు ప్రయాణిస్తుంది. వరి పేరు రావడం యాదృచ్ఛికం కాదు. వరి కూడా రాత్రిని కొలిచే మొక్కే. పాత దీర్ఘకాలిక రకాలు ముందు నాటినా వెనక నాటినా ఇంచుమించు ఒకేసారి ఈనడం పెద్దవాళ్ళు చూసే ఉంటారు.

2013లో జపాన్ శాస్త్రవేత్తలు చామంతిలో దీనికి విరుగుడును కూడా కనిపెట్టారు. రాత్రి వేళకాని వేళ వెలుతురు పడితే ఆకులో పూతను అడ్డుకునే ప్రొటీన్ తయారై అదే దారిన కొనకు చేరుతుంది. కాబట్టి గేటు పక్క మొక్క ఊరికే కూర్చోలేదు. ప్రతి రాత్రీ "ఇంకా కాదు, ఇంకా కాదు" అని కొనకు కబురు పంపుతూనే ఉంది. అది అలా ఏపుగా పెరగడానికి కారణమూ అదే, పూతకు పోవాల్సిన బలమంతా ఆకుకు పోయింది.

పూసిన చామంతిని ఒకటి విడదీసి చూడండి. మనం రేకు అనుకునేది రేకు కాదు, ఒక పూర్తి పువ్వు. మొదట్లో సన్నటి గొట్టంలా చుట్టుకుని ఉంటుంది, ఆ గొట్టంలోంచి రెండుగా చీలిన కీలాగ్రం, అంటే పుప్పొడిని అందుకునే కొన, తొంగిచూస్తుంది. ఒక్క చామంతిలో వందల పూలుంటాయి. కబురు అందగానే కొమ్మ చివరి గుండుసూది తలంత గుబ్బ ఆకులు వేయడం మానేసి, వెడల్పై, అంచు నుంచి నడిమికి వరుసలు వరుసలుగా ఈ పూలను పేర్చడం మొదలుపెడుతుంది. కంటికి మొగ్గ కనబడడానికి చాలా రోజుల ముందే ఇది జరిగిపోతుంది. గునుగు కంకిని కూడా వేళ్ళతో రుద్ది చూడండి. కాగితంలా గలగలమంటుంది. ఆ పూల తొడుగులు పుట్టుకతోనే పొడివి, అందుకే పద్మాక్షి గుట్ట కింద సాయంత్రం దాకా ఆడినా బతుకమ్మ వాడిపోయినట్టు కనబడదు. అదే రోజుల్లో రోడ్ల పక్కన అడవి సీతాఫలాల గంపలు దిగుతాయి. కన్ను విచ్చి, గీతల మధ్య పసుపు తేలినవి ఏరుకుని గడ్డిలో పెడితే రెండు మూడు రోజుల్లో మెత్తబడతాయి. దాని లెక్క రాత్రిది కాదు, కాయను మగ్గబెట్టే ఇథిలీన్ వాయువుది. ఆ సంగతి ఇంకోసారి.

ఇక ఉత్తరం రాసినామెకు. కుండీని వీధి దీపం పడని పెరటి వైపు జరపండి. జరపడానికి వీల్లేకపోతే సాయంత్రం ఆరింటికి పెద్ద అట్టపెట్టె బోర్లించి పొద్దున ఏడింటికి తీయండి. రెండు రోజులు చేసి మానేస్తే లాభం లేదు. మరులమాతంగికి ఒక్క పొడవాటి రాత్రి చాలు గానీ, చామంతికి వరసగా చాలా రాత్రులు కావాలి. రకాన్ని బట్టి పూత విచ్చుకోవడానికి ఆరు నుంచి పదిహేను వారాలు పడుతుంది, కాబట్టి ఇప్పుడు మొదలుపెట్టినా సంక్రాంతి ముగ్గుల్లో గొబ్బెమ్మల మీదికి అందవచ్చు. పూత అయిపోయాక కాండాన్ని నేలకు జానెడు ఎత్తున కోసేయండి. మొదట్లోంచి పిలకలు వస్తాయి. వాటిని వేళ్ళతో సహా విడదీసి వేరే కుండీల్లో నాటుకోండి. అత్తగారికి కూడా రెండు ఇవ్వండి, గేటు పక్కన పెట్టుకోమని.