అసలు ఫైలు అడగడం వెనక ఉన్న కథ: ఫొటో పోటీల నిబంధనకు 2015 ఇచ్చిన రూపం

చివరి వడపోతకు చేరిన ప్రతి చిత్రానికీ కెమెరాలో నమోదైన అసలు ఫైలు పంపాలన్న నిబంధనపై ఫొటోగ్రఫీ పోటీల్లో మళ్లీ గొడవ మొదలైంది. ఫైలు పంపినా తమ చిత్రాన్ని ఎందుకు తొలగించారో చెప్పలేదని కొందరు ఫొటోగ్రాఫర్లు, కేవలం జేపెగ్‌లో (కెమెరాయే సవరించి, కుదించి ఇచ్చే ఫైలు రూపంలో) తీసినందుకే అనుమానితులమయ్యామని మరికొందరు అంటుండగా, కృత్రిమ మేధ (ఏఐ)తో తయారైన చిత్రాలు వచ్చిపడుతున్న కాలంలో ఇంతకు మించిన జాగ్రత్త తమ చేతిలో లేదని నిర్వాహకులు సమాధానమిస్తున్నారు. రెండు పక్షాలూ ఒక విషయంలో మాత్రం ఏకీభవిస్తున్నట్టు కనిపిస్తుంది: ఈ నిబంధన ఏఐ వల్లే వచ్చిందని. నిజానికి అది అంతకు చాలా ముందే ఇప్పటి రూపానికి చేరింది, ఇప్పుడు వినిపిస్తున్న ఫిర్యాదులన్నీ అప్పుడే వినిపించాయి.

చీకటి గదిలో నెగటివ్‌లు కలిపి ముద్రించిన రోజుల నుంచి 1982లో ఒక ప్రసిద్ధ పత్రిక ముఖచిత్రం కోసం గిజా పిరమిడ్లను దగ్గరికి జరిపిన ఉదంతం వరకు ఉన్న చరిత్ర ఈ రంగంలో ఉన్నవారందరికీ తెలిసిందే కాబట్టి దాన్ని ఇక్కడ తిరిగి చెప్పనవసరం లేదు. ఇవాళ్టి వివాదానికి సూటిగా సంబంధించిన ఘట్టం 2015 ఫిబ్రవరిలో ఆమ్‌స్టర్‌డామ్‌లో జరిగింది.

వార్తా చిత్రాల కోసం నిర్వహించే వరల్డ్ ప్రెస్ ఫొటో పోటీకి ఆ ఏడాది దాదాపు 98 వేల చిత్రాలు వచ్చాయి. న్యూయార్క్ టైమ్స్‌కు చెందిన మిషెల్ మెక్‌నాలీ అధ్యక్షురాలిగా ఉన్న జ్యూరీ వాటిని వడపోసి చివరికి ముందు దశకు తెచ్చినప్పుడు, ఆ దశకు చేరిన చిత్రాల అసలు ఫైళ్లను తెప్పించి, పోటీకి పంపిన ప్రతులతో స్వతంత్ర నిపుణుల చేత పోల్చి చూపించారు. ఫలితంగా ఆ దశలో ఉన్న చిత్రాల్లో 20 శాతం అనర్హమయ్యాయి. అంతకు ముందు ఏడాది ఆ సంఖ్య దాదాపు 8 శాతం. కొన్నింటిలో చిన్నచిన్న వస్తువులను చెరిపేశారు. మరికొన్నింటిలో దేన్నీ చెరపలేదు గానీ, చీకటి భాగాలను మరింత నల్లగా చేయడంలో అక్కడున్న మనుషులో వస్తువులో పూర్తిగా నలుపులో మునిగిపోయారు. జ్యూరీ దృష్టిలో రెండూ ఒకటే, ఎందుకంటే చూసేవారికి కనబడాల్సినది రెండు సందర్భాల్లోనూ కనబడకుండా పోయింది.

ఇక్కడ అనర్హులైన వారి వాదనను కాస్త వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే ఆనాడు అది సంఖ్యల హోరులో సరిగా వినబడలేదు. వస్తువులను చెరిపినవారి విషయంలో వాదించడానికి ఏమీ లేదు. కానీ వెలుగునీడల సవరణ వల్ల తొలగినవారి ప్రశ్న వేరు. అంతకు ముందు ఏళ్ల నిబంధనల ప్రకారం పరిశ్రమలో అప్పటికి ఆమోదం పొందిన ప్రమాణాలకు లోబడిన సవరణలు చేసుకోవచ్చు. ఆ ప్రమాణాలేమిటో తెలుసుకోవడానికి ఆ సంస్థే పరిశోధకుడు డేవిడ్ క్యాంప్‌బెల్‌తో ఒక అధ్యయనం చేయించగా, 2014లో వెలువడిన ఆ నివేదికలో వస్తువులను చేర్చడం, తీసేయడం తప్పన్న విషయంలో వివిధ దేశాల మీడియా సంస్థలకు ఏకాభిప్రాయం ఉందనీ, రంగు, వెలుగు, నీడల సవరణ మితంగా ఉంటే చాలునంటారే గానీ ఆ మితం ఎంతన్నది ఎవరికి వారు అర్థం చేసుకోవలసిందేననీ తేలింది. అంటే గీత ఎక్కడుందో ఎవరికీ తెలియదని నిర్వాహకుల చేతిలో ఉన్న నివేదికే చెప్పిన మరుసటి ఏడాది, గీత దాటారంటూ ఎంతోమందిని బయటికి పంపారన్నమాట. పైగా ఆ చిత్రాలను గానీ, వాటి అసలు ఫైళ్లను గానీ బయట పెట్టలేదు. పేర్లు చెప్పకపోవడం ఫొటోగ్రాఫర్ల పరువు కాపాడిందన్నది నిజమే. అయితే దానివల్ల ఏ సవరణ చెల్లుతుందో, ఏది చెల్లదో మిగతావారు నేర్చుకునే అవకాశం లేకుండా పోయింది.

నిర్వాహకులకూ వారి కారణం ఉంది. స్వీడన్ ఫొటోగ్రాఫర్ పాల్ హాన్సెన్ 2012 నవంబరులో గాజాలో తీసిన అంతిమయాత్ర చిత్రానికి మరుసటి ఏడాది ఉత్తమ చిత్రం బహుమతి ఇచ్చాక, అది కొన్ని చిత్రాలను కలిపి అతికినదని 2013 మేలో ఒక విశ్లేషకుడు ఆరోపించారు. డిజిటల్ చిత్రాల పరిశీలనలో పేరున్న హనీ ఫరీద్ సహా నిపుణులు అసలు ఫైలుతో సరిచూసి, రంగులూ వెలుగూ సవరించినా అతుకులేమీ లేవని తేల్చిన తర్వాత గానీ దుమారం చల్లారలేదు. అసలు ఫైలు చేతిలో ఉండటం ఆనాడు ఫొటోగ్రాఫర్‌నే కాపాడింది, ఫైలు అడగడాన్ని సమర్థించేవారు ఇప్పటికీ చెప్పే ఉదాహరణ ఇదే. అంతకు ముందు 2010లో స్టెపాన్ రుడిక్ అనే ఫొటోగ్రాఫర్ బహుమతిని ఇదే సంస్థ వెనక్కి తీసుకున్నప్పుడు కూడా అసలు ఫైలే సాక్ష్యమైంది. ఆయన తన చిత్రాన్ని భారీగా క్రాప్ చేసి, నలుపు తెలుపులోకి మార్చి, గరుకుతనం కూడా చేర్చారు. వాటిలో దేనికీ అభ్యంతరం రాలేదు. నేపథ్యంలో ఉన్న ఒక మనిషి పాదం తాలూకు చిన్న ముక్కను చెరిపినందుకు బహుమతి పోయింది.

ఈ అనుభవాల తర్వాత ఫైలే నిజానికి రుజువన్న నమ్మకం బలపడింది. అయితే 20 శాతం చిత్రాలను ఏరివేసిన 2015 పోటీలోనే ఆ నమ్మకానికి గట్టి దెబ్బ తగిలింది. బెల్జియంలోని షార్లెరువా పట్టణం మీద ఇటలీ ఫొటోగ్రాఫర్ జొవాన్ని త్రోయిలో చేసిన చిత్రమాలకు సమకాలీన సమస్యల విభాగంలో ప్రథమ బహుమతి వచ్చింది. తమ ఊరిని వక్రీకరించి చూపారని ఆ పట్టణ మేయర్ నిర్వాహకులకు లేఖ రాశారు. కొన్ని దృశ్యాలను ఫొటోగ్రాఫరే ఏర్పాటు చేసుకున్నారన్న విమర్శలూ వచ్చాయి. మొదట బహుమతిని సమర్థించిన నిర్వాహకులు, వాటిలో ఒక చిత్రం షార్లెరువాలో కాక బ్రస్సెల్స్‌లోని మోలెన్‌బీక్‌లో తీసినదని బయటపడటంతో మార్చి మొదటి వారంలో బహుమతిని రద్దు చేశారు. గమనించాల్సింది ఏమిటంటే, ఆ చిత్రమాల ఫైళ్ల పరీక్ష దాటుకునే వచ్చింది. తప్పు ఉన్నది చిత్రం కింది వ్యాఖ్యలో. దాన్ని పట్టుకున్నది కూడా పోటీ నియమించిన నిపుణులు కాదు, బయటివారు.

ఆ వసంతంలోనే ఫ్రాన్స్‌లోని పెర్పిన్యాఁలో జరిగే వీసా పూర్ లిమాజ్ ఉత్సవ సంచాలకుడు జాన్ ఫ్రాన్స్వా లెర్వా, ఆ ఏడాది వరల్డ్ ప్రెస్ ఫొటో ప్రదర్శనను తమ వేదిక మీద పెట్టబోమని ప్రకటించారు. ఫొటో జర్నలిజానికి అంత ముఖ్యమైన వేదిక తలుపు మూయడం మామూలు విషయం కాదు. విమర్శల పరంపర తర్వాత ఆ ఏడాది చివరికి నిర్వాహకులు తర్వాతి పోటీ కోసం నైతిక నియమావళిని ప్రకటించారు, మార్చుట అంటే ఏమిటో ఉదాహరణలతో సహా వివరించారు, పరిశీలన ఎలా జరుగుతుందో రాతపూర్వకంగా చెప్పారు. అనర్హులైన వారు ఫిబ్రవరిలో అడిగినది చాలావరకు ఇదే, కాకపోతే తమ చిత్రాలకు అది వర్తించే అవకాశం వారికి దక్కలేదు.

మరో సంగతి. అదే 2015 నవంబరులో రాయిటర్స్ సంస్థ తన ఫ్రీలాన్స్ ఫొటోగ్రాఫర్లకు రా ఫైలు (కెమెరా సెన్సర్ నమోదు చేసిన, సవరించని సమాచారం) నుంచి తయారు చేసిన చిత్రాలు ఇకపై పంపవద్దని, కెమెరాలోనే తయారైన జేపెగ్‌లనే పంపాలని చెప్పింది. వేగంతో పాటు విశ్వసనీయతను కూడా అందుకు కారణంగా చూపింది. ఒక సంస్థకు నిజాయితీకి సాక్షిగా కనిపించిన రా ఫైలు, అదే ఏడాది మరో సంస్థకు అనవసరమైన మార్పులకు తావిచ్చేదిగా కనిపించింది. జేపెగ్‌లో తీసేవారిని దొంగల్లా చూసే పోటీల నిబంధనలు చదివినప్పుడు ఈ ఉదంతం గుర్తుకు రాక మానదు.

వన్యప్రాణి ఫొటోగ్రఫీలో ఫైలు పరిమితి ఇంకా స్పష్టంగా తెలిసింది. లండన్‌లోని నేచురల్ హిస్టరీ మ్యూజియం నిర్వహించే వైల్డ్‌లైఫ్ ఫొటోగ్రాఫర్ ఆఫ్ ద ఇయర్ పోటీలో 2009లో గెలిచిన చిత్రంలో గేటు మీదుగా దూకుతున్న తోడేలు అడవిది కాక పెంపుడుదన్న నిర్ధారణతో ఆ బహుమతిని 2010 జనవరిలో వెనక్కి తీసుకున్నారు. అదే పోటీలో 2017లో గెలిచిన మార్సియో కాబ్రాల్ చిత్రంలో బ్రెజిల్ రాత్రి వెలుగులో చెదపుట్టను సమీపిస్తున్న చీమలతినే జంతువు, ఎమాస్ జాతీయ ఉద్యానవనం సందర్శకుల కేంద్రంలో ఉంచిన గడ్డి కూరిన నమూనాయేనని నిపుణులు తేల్చడంతో 2018 ఏప్రిల్‌లో అనర్హత ప్రకటించారు. ఫొటోగ్రాఫర్ ఆ ఆరోపణను కాదన్నారు. ఈ రెండు సందర్భాల్లోనూ సాఫ్ట్‌వేర్‌తో చేసిన అతుకుల గురించి ఆరోపణే లేదు. కెమెరా తన ముందున్నదాన్ని ఉన్నట్టే నమోదు చేసింది, దాని ముందున్నది ఏమిటన్నదే ప్రశ్న. నిజాన్ని తేల్చింది కూడా ఫైలు కాదు. జంతువు ఒంటి మీది మచ్చలనూ వెంట్రుకల కుచ్చులనూ వేరే చోట దొరికిన చిత్రాలతో పోల్చిన పాత పద్ధతి పరిశీలనే.

ఏఐ ఈ కథలోకి వచ్చేసరికి నిబంధన తయారై ఉంది. 2023లో సోనీ వరల్డ్ ఫొటోగ్రఫీ అవార్డుల ఓపెన్ పోటీలో ఒక విభాగం గెలిచిన బోరిస్ ఎల్డగ్సెన్, తన చిత్రం ఏఐతో తయారైనదని, పోటీలు ఇలాంటి వాటికి సిద్ధంగా ఉన్నాయో లేదో చూడాలనుకున్నానని చెబుతూ బహుమతి తిరస్కరించారు. అది సృజనాత్మక విభాగమని, ఏఐ పాత్ర గురించి తమకు ముందే చెప్పారని నిర్వాహకులు అన్నారు. మరుసటి ఏడాది మైల్స్ ఆస్ట్రే నిజంగా కెమెరాతో తీసిన ఫ్లెమింగో చిత్రాన్ని ఒక పోటీ ఏఐ విభాగానికి పంపి, బహుమతి వచ్చాక నిజం చెప్పి అనర్హులయ్యారు. ఈ మధ్యలో 2023 నవంబరులో వరల్డ్ ప్రెస్ ఫొటో తన ఓపెన్ ఫార్మాట్ విభాగంలో ఏఐ చిత్రాలకు చోటిస్తామని చెప్పి, ఫొటోగ్రాఫర్ల నిరసనతో కొద్ది రోజుల్లోనే ఆ మాట వెనక్కి తీసుకుంది.

అసలు ఫైలు అడగడం ఇలాంటి చిత్రాలను చాలావరకు ఆపుతుందన్న నిర్వాహకుల మాటలో నిజముంది. తెర మీద కనిపించే ఏఐ చిత్రాన్ని మంచి కెమెరాతో తిరిగి ఫొటో తీస్తే దానికీ ఒక రా ఫైలు వస్తుందన్నది మరో నిజం. అందుకే పెద్ద పోటీలు ఒక్క ఫైలుతో సరిపెట్టుకోకుండా దానికి ముందూ తర్వాతా తీసిన ఫ్రేములు కూడా అడుగుతున్నాయి. కెమెరాలోనే చిత్రానికి డిజిటల్ సంతకం వేసే పద్ధతి మీద కొందరు ఆశ పెట్టుకున్నారు. చిత్రం ఎక్కడిదో, ఎలా తయారైందో నమోదు చేసే పద్ధతి కోసం 2021లో ఏర్పడిన సీ2పీఏ కూటమి ప్రమాణం ప్రకారం అలా సంతకం చేసే కెమెరాగా లైకా ఎం11-పి 2023 అక్టోబరులో విడుదలైంది. కానీ 2025లో నికాన్ జడ్6-III కెమెరాలో పలు చిత్రాలను ఒకే ఫ్రేములో కలిపే మల్టిపుల్ ఎక్స్‌పోజర్ సదుపాయాన్ని వాడి, సంతకం దక్కకూడని చిత్రానికి కూడా సంతకం వేయించవచ్చని బయటపడటంతో ఆ సంస్థ ఆ సేవను నిలిపివేసి, అప్పటికే ఇచ్చిన ధ్రువపత్రాలను రద్దు చేయాల్సి వచ్చింది.

చిన్న పోటీలు, ఫొటోగ్రఫీ క్లబ్బులు నిర్వహించే సలోన్లు (పోటీ ప్రదర్శనలు) అసలు ఫైలు నిబంధనను పెద్ద పోటీల నుంచే తీసుకున్నాయి. ఆమ్‌స్టర్‌డామ్‌లో 2015 ఫిబ్రవరిలో జరిగినదాన్ని అవి యథాతథంగా అనుసరిస్తున్నాయి గానీ, ఆ ఏడాది చివర్లో వచ్చిన నియమావళినీ వివరణనూ మాత్రం వదిలేశాయి. ఫైలు పంపమంటారు, పరిశీలించేదెవరో చెప్పరు. ప్రకృతి విభాగంలో ఫైఅప్ (అంతర్జాతీయ ఫొటోగ్రఫీ కళా సమాఖ్య), పీఎస్ఏ (అమెరికా ఫొటోగ్రఫీ సంఘం), ఆర్‌పీఎస్ (బ్రిటన్‌లోని రాయల్ ఫొటోగ్రఫిక్ సొసైటీ) సంస్థలు కలిసి రూపొందించిన నిర్వచనం ఉంది. ఒకే దృశ్యాన్ని వేర్వేరు దూరాల్లో ఫోకస్ చేసి తీసిన ఫ్రేములను కలపడం ఆ నిర్వచనం ప్రకారం చెల్లుతుంది, దృశ్యంలో దేన్నైనా చేర్చడం, తీసేయడం, జరపడం చెల్లదు. నచ్చినా నచ్చకపోయినా అది గీత ఎక్కడుందో చెబుతుంది. తక్కిన విభాగాల్లో ఆమాత్రం స్పష్టత కూడా కరువు. నాయిస్ (చిత్రంలో కనిపించే చుక్కలు) తగ్గించే సాఫ్ట్‌వేర్లు ఇప్పుడు ఎక్కువగా మెషిన్ లెర్నింగ్ మీద నడుస్తున్నాయి, ఫోన్ కెమెరాలు మీట నొక్కిన క్షణంలోనే అనేక ఫ్రేములను కలిపి ఒక చిత్రం చేస్తున్నాయి. ఏఐ నిషిద్ధమన్న ఒక్క వాక్యం వీటిలో దేన్ని ఆపుతుందో, దేన్ని వదులుతుందో పోటీకి పంపేవారు ఊహించుకోవాల్సిందే. ఇవాళ ఫిర్యాదు చేస్తున్నవారిలో చాలామంది ఫైలు ఇవ్వబోమని అనడం లేదు. ఏ సవరణ వల్ల తమ చిత్రం పోయిందో ఒక్క వాక్యంలోనైనా రాసి పంపమనీ, దాని మీద మళ్లీ అడిగే గడువు ఇవ్వమనీ అంటున్నారు. దీనికి నిర్వాహకుల నుంచి ఇప్పటివరకు వచ్చిన సమాధానం జ్యూరీ నిర్ణయమే తుది నిర్ణయమన్న నిబంధనను ఎత్తి చూపడమే.