బ్రాకెట్లో పెట్టిన మాట: బ్రెగ్జిట్ తగవు వెనక యాభై ఏళ్లు

1975 జూన్ మొదటి వారంలో, నేటి ఐరోపా సమాఖ్యకు ముందురూపమైన యూరోపియన్ కమ్యూనిటీలో ఉండాలా వద్దా అన్న ప్రజాభిప్రాయ సేకరణకు ముందు, కన్జర్వేటివ్ పార్టీ నాయకురాలు మార్గరెట్ థాచర్ లండన్‌లో సభ్యదేశాల జెండాలు అల్లిన స్వెటర్ తొడుక్కుని ఫొటోలకు నిలబడ్డారు. ఐరోపాతోనే ఉందాం, ఓటేయండని అడగడానికి. వద్దు, బయటికొచ్చేద్దామని గట్టిగా పట్టుబట్టింది లేబర్ పార్టీలో టోనీ బెన్ లాంటి వామపక్షీయులు. నలభై ఏళ్లు తిరిగేసరికి, కన్జర్వేటివ్ పార్టీలో ఐరోపా పొడ గిట్టనివాళ్లకు థాచరే ఆరాధ్య దైవం. ఎవరు ఏ వైపు అన్నది తారుమారైంది. తగవు మాత్రం అదే, 2020లో బ్రిటన్ బయటికొచ్చేసిన బ్రెగ్జిట్ దాకా.

ఆ రోజు బ్యాలెట్ మీది ప్రశ్న చూస్తే తగవు మూలం కనిపిస్తుంది. బ్రిటన్ యూరోపియన్ కమ్యూనిటీలో కొనసాగాలనుకుంటున్నారా అని అడిగి, పక్కనే బ్రాకెట్లో ‘కామన్ మార్కెట్’ అని అచ్చేశారు. సామాన్య ఓటరు చదివింది ఆ బ్రాకెట్లో మాటేనని నా అనుమానం. 67 శాతం సరేనన్నారు. సరేనన్నది ఉమ్మడి సంతకా, ఉమ్మడి కాపురానికా?

నిజానికి మొదట్లో సంత కూడా వద్దనుకున్నారు. 1957లో ఫ్రాన్స్, పశ్చిమ జర్మనీ, ఇటలీ, బెల్జియం, నెదర్లాండ్స్, లక్సెంబర్గ్ రోమ్ ఒప్పందం మీద సంతకాలు చేస్తుంటే బ్రిటన్ దూరంగా ఉండిపోయింది. కామన్వెల్త్ ఉంది, అమెరికా స్నేహం ఉంది, వీళ్లతో పనేమిటన్న ధీమా. నాలుగేళ్లలో ఆ ధీమా సడలి, ప్రధాని హెరాల్డ్ మాక్‌మిలన్ దరఖాస్తు పెట్టారు. 1963 జనవరిలో ఫ్రాన్స్ అధ్యక్షుడు డి గాల్ విలేకరులను పిలిచి మరీ తలుపు మూసేశారు. ఇంగ్లండ్ ద్వీపం, సముద్రం మీద బతికే దేశం, దాని వర్తకం ఎక్కడెక్కడి దేశాలతోనో, మన మధ్య ఇమడదు అన్నది ఆయన వాదన. 2016లో బయటికి పోదామన్న శిబిరం ఈ మాటలే చెప్పుకున్నా ఎబ్బెట్టుగా ఉండేది కాదు. 1967లో మరోసారి కాదన్నారు. ఆయన దిగిపోయాకే, 1973 జనవరి 1న, ఎడ్వర్డ్ హీత్ హయాంలో బ్రిటన్ లోపలికి వెళ్లింది. అప్పటికే నియమాలన్నీ ఇతరులు రాసేసుకున్నారు. వ్యవసాయ సబ్సిడీలు ఫ్రెంచి రైతుకు అమరినట్టుగా బ్రిటన్‌కు అమరలేదు. న్యూజీలాండ్ వెన్న, కరీబియన్ చక్కెర చవగ్గా తిన్న ఇళ్లలో ధరల గొణుగుడు మొదలైంది. దానికి తోడు ఆ ఏడాది చివర్లోనే చమురు ధరలు మండిపోయాయి.

సార్వభౌమత్వానికి చెప్పుకోదగ్గ నష్టమేమీ ఉండదని 1971 శ్వేతపత్రంలో హీత్ ప్రభుత్వం భరోసా ఇచ్చింది. ఆ భరోసా విలువెంతో చేపల పడవలు తేల్చాయి. స్పెయిన్ యజమానులు తమ పడవలను బ్రిటన్‌లో రిజిస్టర్ చేయించి, బ్రిటన్ కోటాలో చేపలు పడుతుంటే, అడ్డుకోవడానికి పార్లమెంటు 1988లో చట్టం చేసింది. యజమానులు కోర్టుకెక్కారు. 1990లో ఐరోపా న్యాయస్థానం వారివైపు నిలిచింది. ఐరోపా చట్టానిదే పైచేయి కాబట్టి, పార్లమెంటు చేసిన చట్టాన్ని బ్రిటన్ అత్యున్నత న్యాయపీఠమే పక్కన పెట్టాల్సి వచ్చింది. ఫ్యాక్టర్‌టేమ్ కేసుగా న్యాయ విద్యార్థులు నేటికీ చదువుకునే తీర్పు ఇది. పార్లమెంటును మించింది లేదని చిన్నప్పటి నుంచి నేర్చుకున్న దేశానికి ఇది చిన్న దెబ్బ కాదు. బ్రెగ్జిట్ మద్దతుదారులు అధికారం మళ్లీ మన చేతుల్లోకి అన్నప్పుడు దాని వెనక ఇలాంటి తీర్పులున్నాయి. దాన్ని ఒట్టి పరదేశీ ద్వేషంగా కొట్టిపారేస్తే సగం కథ పోతుంది.

మిగతా సగంలో అవమానమూ ఉంది, ఆ ద్వేషమూ లేకపోలేదు. 1992 సెప్టెంబర్ 16న పౌండు, సభ్యదేశాల కరెన్సీల విలువలను ఒకదానితో ఒకటి ముడివేసిన ఐరోపా మారక విధానం నుంచి పరువు పోగొట్టుకుని బయటపడింది. 2004లో తూర్పు ఐరోపా దేశాలు చేరినప్పుడు జర్మనీ లాంటివి తలుపులు మూసుకుంటే, బ్రిటన్, ఐర్లండ్, స్వీడన్ మాత్రం మొదటి రోజే కార్మికులను రానిచ్చాయి. బ్రిటన్‌కు నికరంగా ఏటా 13 వేల మందికి మించి రారన్న అంచనా లక్షల ముందు నవ్వులపాలైంది. ఆ కోపం, ఐరోపా నుంచి బయటికి రావాలన్న యూకిప్ పార్టీకి ఓట్లయింది. ఆ ఓట్లు కన్జర్వేటివ్ ప్రధాని డేవిడ్ కామెరాన్‌కు నిద్ర పట్టనివ్వలేదు, చివరికి ఆయన మళ్లీ ప్రజాభిప్రాయ సేకరణ పెట్టారు.

2016 జూన్ 23న వెళ్లిపోదామన్నవారు 51.9 శాతం. స్కాట్లండ్, ఉత్తర ఐర్లండ్ వద్దన్నాయి, ఇంగ్లండ్, వేల్స్ పోదామన్నాయి. ప్రచారంలో రెండు వైపులా లెక్కలు తప్పాయి. ఐరోపాకు వారానికి 35 కోట్ల పౌండ్లు పంపుతున్నామని బస్సు మీద రాసుకుని తిరిగిన సంఖ్యలో, బ్రిటన్‌కు ఇచ్చే రాయితీని తీసేయలేదు. మరోవైపు, ఓటు పడిన వెంటనే మాంద్యం వస్తుందని, నిరుద్యోగులు 5 లక్షలు పెరుగుతారని ఆర్థిక శాఖ హెచ్చరించింది. వెంటనే అలాంటిదేమీ జరగలేదు. ఆనాటి నుంచి ఏ ఆర్థికవేత్త నోరు తెరిచినా ‘మళ్లీ భయపెడుతున్నారు’ అనేయడం తేలికైపోయింది.

అసలు నష్టాన్ని విడదీసి కొలవడమే కష్టం. బ్రిటన్ బయటికొచ్చిన 2020 జనవరి 31నే ఆ దేశంలో తొలి కోవిడ్ కేసులు నిర్ధారణ అయ్యాయి. ఆ తర్వాత ఉక్రెయిన్ యుద్ధం, గ్యాస్ ధరలు. అయినా ప్రభుత్వ బడ్జెట్ అంచనాలు తయారు చేసే స్వతంత్ర సంస్థ ఒక లెక్క మీద నిలబడింది: సమాఖ్యలోనే ఉండి ఉంటే ఎంత ఉండేదో దానికంటే దీర్ఘకాలంలో ఉత్పాదకత 4 శాతం తక్కువ. కూలిపోవడం కాదు, నెమ్మదిగా కారే కుండ. సేవల ఎగుమతులు బాగానే నడిచాయి. సరుకు అమ్మే చిన్న వ్యాపారులకే కాగితాల బెడద. సుంకం సున్నా అయినా మాంసం లారీ దాటాలంటే పశువైద్యుడి సంతకం కావాలి.

ప్రచారంలో ఎవరూ సరిగ్గా పట్టించుకోనిది ఐర్లండ్ సరిహద్దు: బ్రిటన్‌లో భాగమైన ఉత్తర ఐర్లండ్‌కూ, సమాఖ్యలోనే ఉన్న ఐర్లండ్ దేశానికీ మధ్య గీత. సుమారు 500 కిలోమీటర్ల ఆ గీత మీద సైనిక చెక్‌పోస్టులు లేకుండా పోవడం 1998 శాంతి ఒప్పందం తర్వాత వచ్చిన ఫలం. అంతకుముందు మూడు దశాబ్దాల హింసలో సుమారు 3,500 మంది చనిపోయారు. ఒకే నిబంధనలతో సరుకులు అడ్డు లేకుండా తిరిగే ఐరోపా సింగిల్ మార్కెట్‌ను బ్రిటన్ వదిలితే తనిఖీలు ఎక్కడో ఒకచోట తప్పవు. నేల మీద పెట్టలేక, ఉత్తర ఐర్లండ్‌కూ మిగతా బ్రిటన్‌కూ మధ్య ఉన్న సముద్రం మీదికి జరిపారు. దాంతో తమ దేశంలోనే తాము పరాయివాళ్లమయ్యామని ఉత్తర ఐర్లండ్‌లోని బ్రిటన్ అనుకూలురు మండిపడ్డారు. ఆ తనిఖీలను తగ్గించిన 2023 విండ్సర్ ఒప్పందం కొంత చల్లార్చింది, అంతే.

వలసల సంగతి మరీ విడ్డూరం. 2021 నుంచి ఐరోపావాళ్లకూ మనవాళ్లకూ ఒకటే వీసా వరుస. చదువయ్యాక రెండేళ్లు ఉద్యోగం చేసుకునే వీసా అదే ఏడాది తిరిగి వచ్చింది. హైదరాబాద్, విజయవాడ, గుంటూరు కన్సల్టెన్సీల్లో యూకే బోర్డులు పెద్దవయ్యాయి. ఐరోపా రాకలు తగ్గాయి, భారత్, నైజీరియా రాకలు పెరిగాయి. నికర వలస ఒక ఏడాదిలో 9 లక్షలు దాటింది. తగ్గిస్తారని ఓటేసినవాళ్ల మొహాలు ఊహించుకోవచ్చు. 2024లో చాలామంది విద్యార్థులు భార్యాభర్తలను, పిల్లలను వెంట తెచ్చుకోకుండా తలుపు బిగించారు. బయటికొచ్చాక ఎవరితోనైనా సొంతంగా ఒప్పందాలు చేసుకుంటామన్న మాట మాత్రం కొంత నిలిచింది. 2025 జులై 24న భారత్‌తో స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం మీద సంతకాలయ్యాయి. స్కాచ్ మీద మన 150 శాతం సుంకం దశలవారీగా 40కి దిగుతుంది. దానివల్ల బ్రిటన్‌కు దీర్ఘకాలంలో ఏటా 480 కోట్ల పౌండ్లు కలిసొస్తాయని ఆ ప్రభుత్వమే చెప్పింది. దేశ ఆదాయంలో అది ఒక శాతంలో ఏడో వంతు కూడా కాదు.

దానికి రెండు నెలల ముందు, 2025 మే 19న, లేబర్ ప్రధాని కీర్ స్టార్మర్ ప్రభుత్వం ఐరోపాతో లండన్‌లో మరో అంగీకారానికి వచ్చింది. ఐరోపా పడవలు 2038 దాకా బ్రిటన్ జలాల్లో చేపలు పట్టుకోవచ్చు. ఆహార సరుకుల తనిఖీలు సడలించుకోవాలంటే ఆ రంగంలో ఐరోపా నిబంధనలు మారినప్పుడల్లా బ్రిటన్ కూడా మార్చుకోవాలి. లొంగిపోయారని ప్రతిపక్షం అరిచింది. ఆ నిబంధనలు ఖరారయ్యే యూరోపియన్ పార్లమెంటులో ఒకప్పుడు బ్రిటన్‌కు 73 సీట్లుండేవి. 2020లో వాటిలో 27 సీట్లను మిగతా దేశాలు పంచుకున్నాయి.